మూడు నిమిషాల మహాశీతం: శీతల గదికి వెళ్ళదలచినవారు తెలుసుకోవలసిన సంగతులు

గత సంవత్సరం మార్గశిర మాసంలో ఒకనాటి ఉదయం, నా వద్ద చాలాకాలంగా మోకాళ్ళ సంధివాతానికి చికిత్స పొందుతున్న విశ్రాంత లెక్కల మాస్టారొకరు రంగుల కరపత్రం చేతబట్టుకొని వచ్చినారు. హైదరాబాదులో వారి ఇంటికి సమీపంలోనే ఒక శీతల చికిత్సా కేంద్రం వెలసినదట. సున్నకు దిగువన 110 డిగ్రీల చలిలో మూడు నిమిషాలు నిలబడితే కీళ్ళ నొప్పులు, నిద్రలేమి, స్థూలకాయం, ముఖంపై ముడతలు అన్నీ తొలగిపోవునని ఆ కరపత్రం సారాంశం.

"ఆచార్యగారూ, మా అబ్బాయి నా డెబ్భై ఒకటో పుట్టినరోజుకని పది విడతలకు డబ్బు కట్టేసినాడు. వెళ్ళమంటారా, వద్దంటారా?" అని అడిగినారు.

"వాతానికి చలి తోడబుట్టినది మాస్టారూ. ఈ వయసులో మంచుగదిలో నిలబడతారా? వద్దే వద్దు" అన్నాను.

"మీరు ఆ గది చూచినారా?"

"లేదు."

"చూడకుండానే తీసివేత లెక్క చేసేసినారే!" అని వారు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజులలో, ఏ మూలికను గూర్చియైనా పాఠం చెప్పకముందు దానిని మా చేత తెప్పించి, వాసన చూపించి, నమిలించి గాని వారు శ్లోకం ఎత్తుకొనేవారు కారు. అట్టి గురువు వద్ద చదివిన నేను, కంటితో చూడని చికిత్సపై తీర్పు చెప్పడం తప్పనిపించినది. మరుసటి వారం మాస్టారితో కలిసి ఆ కేంద్రానికి బయలుదేరినాను.

వెళ్ళేముందు కొంత చదివినాను. ఈ పద్ధతి మొదలైనది జపానులో. 1978 ప్రాంతంలో తోషిమా యమౌచీ అను వైద్యుడు రుమటాయిడ్ కీళ్ళవాతంతో బాధపడేవారిని అతిశీతల గదిలో కొద్ది నిమిషాలు నిలబెట్టి చూచినాడు. నొప్పి, బిగుసుదనం కొంతసేపు తగ్గినట్లు గమనించి, ఆ వ్యవధిలో వారిచేత వ్యాయామాలు చేయించినాడు. అక్కడినుండి ఇది ఐరోపాకు పాకినది. పోలండు దేశంలో వైద్యుల పర్యవేక్షణలో, కీళ్ళ వ్యాధిగ్రస్తుల వ్యాయామ చికిత్సలో ఒక భాగంగా విరివిగా వాడుకలోనికి వచ్చినది. ఆ తరువాత ఆటగాళ్ళు పట్టుకున్నారు. వారి వెనుక అందం, సన్నదనం అమ్మేవారు పట్టుకున్నారు. మన నగరాలకు చేరినది ఎక్కువగా ఈ మూడవ అవతారమే.

పాఠకులు ముందుగా గ్రహించవలసినది, ఈ యంత్రాలు రెండు రకాలు. ఒకటి గది. మనిషి పూర్తిగా లోనికి వెళతాడు. విద్యుత్తుతో చల్లబరచిన మామూలు గాలి అందులో ఉంటుంది. రెండవది నిలువు పీపా వంటిది. తల మాత్రం పైకి ఉండగా, మెడ నుండి పాదాల వరకు ద్రవ నత్రజని ఆవిరి ఆవరిస్తుంది. నత్రజని ద్రవం సున్నకు దిగువన 196 డిగ్రీల వద్ద మరుగుతుంది. మనం పీల్చే గాలిలో 78 వంతులు నత్రజనియే గనుక అది విషం కాదు. కాని ఇరుకు చోట అది నిండుకొని ప్రాణవాయువును తోసివేసిన పక్షంలో, రంగూ వాసనా లేనందున, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. 2015లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇట్టి కేంద్రంలోనే పనిచేసే ఒక యువతి, వేళ ముగిసిన తరువాత ఒంటరిగా ఆ పీపాలోనికి దిగి ప్రాణవాయువు అందక మరణించినది. కాబట్టి "లోపల నేను పీల్చేది గాలియా, నత్రజనియా? నేనున్నంతసేపు ఎదుట ఎవరు నిలబడి ఉంటారు?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకు తిన్నగా సమాధానం రానిచోట డబ్బు వాపసు అడిగి ఇంటికి రావడం మంచిది.

మేము వెళ్ళినచోట ఉన్నది గది. ఫిజియోథెరపీ చదివిన ఒక అమ్మాయి మాకు కాగితాలిచ్చి, పాత జబ్బులు, మందులు అన్నీ వ్రాయించినది. తరువాత రక్తపోటు చూచినది. మాస్టారిది 134/82. వారు ఏళ్ళ తరబడి మాత్ర వేసుకొంటున్నారు, అదుపులో ఉన్నది. నేనును లోపలికి వెళ్ళి అనుభవించి చూడవలెనని వచ్చినవాడను గనుక నా చేయి కూడ చాపినాను. 172/98. నడిచి వచ్చినందువలన అయి ఉంటుందని పది నిమిషాలు కూర్చుండబెట్టి మళ్ళీ చూచినది. 168/96.

"సారీ అంకుల్, ఇవాళ మిమ్మల్ని లోపలికి పంపలేను" అన్నది.

నలభై సంవత్సరాలుగా ఇతరుల నాడి పట్టుకొన్నవాడను; నా రక్తపోటు చూపించుకొని ఎంతకాలమైనదో నాకే గుర్తులేదు. అహం కొంత చివుక్కుమన్నది. కాని ఆ పిల్ల చేసినది సరియైన పని. అంతటి చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొంటాయి, రక్తం లోపలికి తరలుతుంది, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆరోగ్యవంతునికి అది కొన్ని నిమిషాల మాట. అప్పటికే 170 దాటినవానికి అది పక్షవాతానికో, గుండెపోటుకో దారి కావచ్చును.

అందుచేత లోపలికి వెళ్ళినవారు మాస్టారు, అద్దం బయట నిలబడినవాడను నేను.

వెళ్ళేముందు జరిగే తంతు చాలా ఉన్నది. ఒంటిపై తడి, చెమట, నూనె, క్రీము ఏమియు ఉండరాదు. నా రోగులలో అభ్యంగం అలవాటున్నవారు ఎక్కువ గనుక ప్రత్యేకించి చెబుతున్నాను, ఆనాడు తైలమర్దనం పనికిరాదు. స్నానం చేసి ఉంటే చర్మం పూర్తిగా ఆరవలెను. తడి ఉన్నచోట చలి కొరికి బొబ్బలెక్కుతుంది. లోహం ఏదీ ఒంటిపై ఉండరాదు. మాస్టారి ఉంగరం ముప్పై ఏళ్ళుగా వేలిని వదలలేదు. సబ్బు నురుగుతో పావుగంట కుస్తీపడి తీసి, చేయి కడిగి, పొడిగుడ్డతో మూడుసార్లు తుడిచినారు. కళ్ళజోడు, చెవిమిషను తీసివేయవలెను. పొడి నూలు లాగు, ఉన్ని మేజోళ్ళు, చేతితొడుగులు, చెవులకు పట్టీ, ముక్కుకూ నోటికీ గుడ్డ, కాళ్ళకు మందపాటి అడుగున్న చెప్పులు వారే ఇచ్చినారు. చలి మొదట కొరికేది వేళ్ళ కొనలను, చెవులను, ముక్కును.

ముందు మైనస్ 60 డిగ్రీల చిన్న గదిలో అర నిమిషం, తరువాత మైనస్ 110 డిగ్రీల గదిలో రెండున్నర నిమిషాలు. లోపల మెల్లగా అడుగులు వేస్తూ, చేతులు ఆడిస్తూ ఉండవలెను, ఒక చేతితో మరొక చేతిని రుద్దరాదు. మాస్టారు అద్దంలోనుండి నాకు వేళ్ళతో నిమిషాలు లెక్క చూపించినారు. తరువాత వారు చెప్పినదిది: మొదటి అర నిమిషం ఆశ్చర్యమే గాని బాధ లేదు. నిమిషం దాటేసరికి ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టినట్లనిపించినదట. రెండవ నిమిషంలో తొడలు, పిక్కలు సూదులతో గుచ్చినట్లు మండినవట. చివరి ముప్పై క్షణాలు చాలా పొడవైనవట.

అంతటి చలిలో మనిషి ఎట్లు బతికి బయటకు వస్తాడని చాలామందికి సందేహం. పొడిగాలి వేడిని మెల్లగా లాగుతుంది. నీరు గాలికన్న సుమారు ఇరవైఐదు రెట్లు వేగంగా లాగుతుంది. మాఘస్నానానికి తెల్లవారుఝామున ఏటిలో దిగినవాడు పావుగంటలో పోగొట్టుకొనే వేడి, ఈ గదిలో మూడు నిమిషాలలో పోదు. చర్మం మాత్రం బాగా చల్లబడుతుంది, లోపలి అవయవాల వేడి దాదాపు మారదు. అందుకే కాలపరిమితి ప్రాణం వంటిది. "ఇంకొక్క నిమిషం ఉండగలను" అనే పౌరుషం అక్కడ చూపరాదు.

బయటకు రాగానే మాస్టారి ఒళ్ళు ఎర్రబారినది, కొంతసేపు జిలజిల పుట్టినది. తరువాత వారు రెండు అంతస్తుల మెట్లు కమ్మీ పట్టుకోకుండ దిగినారు! నేను కళ్ళారా చూచినాను, దాచను. మనస్సు తేలికైనదని, ఆకలి వేస్తున్నదని కూడ అన్నారు. చలి తాకిడికి నరాలు మొద్దుబారి నొప్పి వార్తను మోయడం తగ్గిస్తాయి. ఉత్తేజం కలిగించే రసాయనాలు రక్తంలో పెరుగుతాయి. ఆ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసినారు: "ఆచార్యగారూ, నొప్పి తన ఇంటికి తాను వచ్చేసినది."

ఇక్కడ మన శాస్త్రం చెప్పే మాట ఉన్నది. చరక సంహిత సూత్రస్థానం ఇరువది రెండవ అధ్యాయంలో చికిత్సాక్రమాలు ఆరుగా విభజింపబడినవి. వానిలో స్తంభనమొకటి, దాని ప్రధాన గుణం శీతం. పిత్తం పెరిగినప్పుడు, కాలినప్పుడు, వాంతి విరేచనాలు అధికమైనప్పుడు దానికి స్థానం కలదు. అనగా ఆయుర్వేదం చలికి విరోధి కాదు. నేను తొందరపడి మాస్టారితో అన్నమాటలో ఆ లోపమున్నది. అయితే అదే అధ్యాయంలో స్తంభనం మితిమీరితే కలిగే లక్షణాలు కూడ చెప్పబడినవి: ఒళ్ళు నల్లబారుట, అవయవాలు బిగుసుకొనుట, ఉద్వేగం, దవడలు పట్టుకొనుట, గుండె పట్టినట్లుండుట, మలబంధం. ఆ గది గోడపై ఆంగ్లంలో అంటించిన హెచ్చరికలను చదువుతుంటే నాకు ఈ పట్టికయే జ్ఞాపకం వచ్చినది.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఇటీవల పక్షవాతం వచ్చినవారు, కాలి సిరలలో రక్తం గడ్డకట్టినవారు, మూర్ఛరోగులు, గర్భిణులు దీని జోలికి పోరాదు. చలికి దద్దుర్లు లేచేవారు, వేళ్ళు తెల్లబడి నీలమయ్యేవారు, మూసిన గదిలో ఊపిరాడదని భయపడేవారు కూడ అంతే. మధుమేహంతో పాదాలలో స్పర్శ తగ్గినవారిని గూర్చి మరీ హెచ్చరిస్తున్నాను. చలి కొరికినా వారికి తెలియదు. వ్యాధిని గూర్చి కేంద్రంవారి వద్ద దాచి సంతకం పెట్టడం కన్న అవివేకం లేదు.

ఇక కరపత్రంలోని వాగ్దానాల మాట. మూడు నిమిషాల చలికి కొవ్వు కరిగి స్థూలకాయం పోదు. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఏ వ్యాధి చికిత్సకూ ఇట్టి యంత్రాన్ని తాము ఆమోదించలేదని, చాటుతున్న ప్రయోజనాలకు ఆధారాలు చాలవని ప్రకటించినది. ఆటగాళ్ళ కండరాల నొప్పిపై జరిగిన ప్రయోగాలను 2015లో కాక్రేన్ సంస్థ పరిశీలించినప్పుడు దొరికినవి నాలుగు చిన్న అధ్యయనాలు, అందులో పాల్గొన్నవారు మొత్తం 64 మంది. వారిలో అధికులు యువకులు. డెబ్భై ఏళ్ళ మోకాలికి అందులో జవాబు లేదు.

మాస్టారికి మొత్తం ఆరు విడతలు జరిగినవి. ప్రతిసారి కొన్ని గంటల సుఖం, రాత్రికి యథాస్థితి. పుష్యమాసపు చలి ముదిరేసరికి ఉదయం లేవగానే మోకాళ్ళ బిగుసుదనం ఎక్కువైనదన్నారు. అది గదివల్లనో, ఋతువువల్లనో నేను తేల్చలేను. కాని ఒక సంగతి నన్ను తొలిచినది. జపానులోనైనా, పోలండులోనైనా చలి ఒక తలుపు మాత్రమే; నొప్పి మొద్దుబారిన ఆ వ్యవధిలో చేయించే వ్యాయామమే అసలు చికిత్స. మన కేంద్రంలో వ్యాయామానికి చోటే లేదు. ఫొటో తీయించుకొనేందుకు మాత్రం దీపాలంకరణ చేసిన మూల ఉన్నది. మాస్టారు సుఖంగా ఉన్న ఆ రెండు మూడు గంటలూ కారులో ఇంటికి వచ్చి భోంచేసి నిద్రపోయేవారు.

"మాస్టారూ, ఆ తలుపు మన ఇంట్లోనే తెరుద్దాం" అన్నాను. సాయంత్రం మోకాళ్ళకు గోరువెచ్చని మహానారాయణ తైలం పావుగంట మృదువుగా పట్టించి, తరువాత వావిలాకు వేసి కాచిన నీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం. కాపడం ముగిసి ఒళ్ళు వదులుగా ఉన్నప్పుడే, కుర్చీలో కూర్చొని కాలు తిన్నగా చాపి అయిదు అంకెలు లెక్కించి దింపడం, ఒక్కొక్క కాలికి పదిసార్లు. కాపడం వేడిని ముందు ఇంట్లో మరొకరు మోచేతితో చూడవలెను. కీలు ఎర్రగా వాచి కాక పుట్టి ఉన్నప్పుడు, జ్వరమున్నప్పుడు కాపడం తగదు. కాలు కొత్తగా బెణికి వాచినచోట మాత్రం చలియే మేలు. మంచుముక్కలు తువాలులో చుట్టి పది నిమిషాలు ఉంచవచ్చును, మంచు నేరుగా చర్మానికి తగలరాదు.

ఈ క్రమం మొదలుపెట్టి అయిదు నెలలైనది. మాస్టారు ఇప్పటికీ మెట్లు కమ్మీ పట్టుకొనియే దిగుతున్నారు. కాని ఉదయం పూలు కోసుకొనేందుకు చేతికర్ర లేకుండ వెళుతున్నారు. నేను ఆ మరునాడే మా వీధిలోని అల్లోపతి వైద్యుని కలిసినాను. ఉప్పు తగ్గించినాను, ఆయన వ్రాసిన మాత్ర ప్రతి ఉదయం వేసుకొంటున్నాను. మొన్న చూచినప్పుడు 138/84. మిగిలిన నాలుగు విడతల చీటీ ఇంకను మాస్టారి పంచాంగంలోనే ఉన్నది.