అర్ధరాత్రి బ్రిడ్జ్ కాల్‌లో నిబ్బరం

మన వృత్తిలో టీమ్ లీడ్ అనిపించుకున్నవాడికి అసలు పరీక్ష ఇంటర్వ్యూలోనూ అప్రైజల్‌లోనూ జరగదు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోయి, బ్రిడ్జ్ కాల్‌లో ఇరవైమంది చేరి, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారులే అని అందరూ మ్యూట్‌లో కూర్చుని ఉంటారే, అప్పుడు జరుగుతుంది. న్యూజెర్సీ చుట్టుపక్కల బ్యాంకులకీ, ఇన్సూరెన్స్ కంపెనీలకీ కన్సల్టెంటుగా పనిచేస్తూ అలాంటి కాల్స్ చాలానే నడిపాను. మీలోనూ చాలామంది నడిపే ఉంటారు.

నిబ్బరం అనగానే మనవాళ్ళకి భగవద్గీతలోని స్థితప్రజ్ఞుడు గుర్తొస్తాడు. ఆయనంటే నాకు గౌరవమే గానీ, ఫోన్ మోగిన మూడు నిమిషాల్లో ఆ స్థాయికి ఎదగడం నావల్ల అయ్యే పని కాదు. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి. అదృష్టవశాత్తూ లీడ్‌కి అంత వేదాంతం అక్కర్లేదు. లోపల ఏం జరుగుతున్నా, కాల్‌లో ఉన్నవాళ్ళకి వినిపించే గొంతు మామూలుగా ఉంటే చాలు.

ఆ గొంతుకి ఎందుకంత విలువంటే, ఔటేజ్ సమయంలో మనకి కావలసిన సమాచారం సాధారణంగా అందరికంటే ఎక్కువ భయపడుతున్న మనిషి దగ్గరే ఉంటుంది. గంట కిందట ఏ కమాండ్ కొట్టాడో, ఏ ఫైల్ మార్చాడో అతనికే తెలుసు. “ఎవరు చేశారిది?” అని లీడ్ గొంతు పెంచిన మరుక్షణం అతని నోరు మూతపడుతుంది. మిగతావాళ్ళు నెట్‌వర్క్ అనీ, ఫైర్‌వాల్ అనీ చీకట్లో వెతుక్కుంటూ ఉంటారు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31 రాత్రి జరిగింది. వాళ్ళ ఇంజనీరొకాయన సెకండరీ డేటాబేస్ సర్వర్ మీద రెప్లికేషన్ సరిచేయడానికి కుస్తీ పడుతున్నాడు. అక్కడి డేటా డైరెక్టరీ తీసేసి మళ్ళీ మొదలుపెడదామని డిలీట్ కమాండ్ కొట్టాడు. కొట్టింది మాత్రం ప్రైమరీ మీద! ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపాడు గానీ, అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. బ్యాకప్‌లు చూడబోతే గోరుచుట్టు మీద రోకటిపోటు. రోజువారీ డంప్ వెర్షన్లు కలవక ఫెయిలవుతూ వచ్చింది. ఆ సంగతి హెచ్చరించాల్సిన ఈమెయిళ్ళు గమ్యం చేరకుండా తిరస్కరణకు గురయ్యాయి. బ్యాకప్‌లు ఉండాల్సిన ఎస్3 బకెట్ ఖాళీ.

ఆ ఇంజనీరు దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఈ రోజుకి ఇక తాను సుడోతో ఏదీ నడపకపోవడమే మంచిదని పని ఇంకొకరికి అప్పగించాడు. ఆ రాత్రి గిట్‌ల్యాబ్ లోకమంతటికీ తెరిచిపెట్టిన డాక్యుమెంటులో ఈ మాట ఉంది. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్‌గా కూడా చూపించారు. చివరికి వాళ్ళని గట్టెక్కించింది సుమారు ఆరు గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. అది తీసింది ఎవరనుకున్నారు? డిలీట్ కొట్టిన ఆ ఇంజనీరే. దాదాపు 18 గంటల తర్వాత సైటు లేచింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. అలాంటి మనిషిని నలుగురిముందు కడిగేసి కాల్‌లోంచి గెంటేస్తే, అతని తలలో ఉన్న సమాచారం కూడా అతనితోపాటే బయటికి పోతుంది.

కంగారులో జరిగే రెండో ప్రమాదం, కారణం తెలియకుండానే రిపేరు మొదలెట్టడం. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీలో కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది. మిగిలిన ఒక్క సర్వర్లో ఎప్పటిదో పాత కోడ్ నిద్రలేచి లక్షలకొద్దీ ఆర్డర్లు పంపింది. దాన్ని ఆపే ప్రయత్నంలో వాళ్ళు సరిగ్గా పనిచేస్తున్న ఆ ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో నష్టం ఇంకా పెరిగిందని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ తన ఉత్తర్వులో రాసింది. మొత్తం కథ నడిచింది 45 నిమిషాలు, నష్టం 46 కోట్ల డాలర్లకు పైమాటే. “ఏదో ఒకటి చెయ్యండి” అని పైనుంచి ఎవరైనా అరిచినప్పుడల్లా నాకు ఆ ఏడు సర్వర్లు గుర్తొస్తాయి.

మరి లీడ్‌కి నిబ్బరం ఎక్కడినుంచి వస్తుంది? పుట్టుకతో వచ్చే గుణం అని చాలామంది అనుకుంటారు. నేనైతే సగానికి పైగా పని పంపకంలోనే ఉందంటాను. కాలిఫోర్నియాలో 1970లో చెలరేగిన కార్చిచ్చుల తర్వాత అక్కడి అగ్నిమాపక శాఖలు కలిసి ఒక పద్ధతి తయారుచేశాయి. మంట దగ్గర ఎవరి మాట చెల్లాలి, బయటివాళ్ళతో ఎవరు మాట్లాడాలి అన్నది ముందే తేల్చుకోవడం అందులో ముఖ్యం. దాన్నే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇన్సిడెంట్ కమాండర్ పేరుతో తెచ్చుకున్నారు. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. ప్రతి ఐదు నిమిషాలకీ “ఎప్పటికవుతుంది?” అని డైరెక్టర్ అడుగుతుంటే, ఇంకో చేత్తో లాగ్‌లు చదువుతూ శాంతంగా ఉండటం ఎవరికి సాధ్యం? అందుకే నా కాల్స్‌లో పెద్దవాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ఒకరిని విడిగా పెడతాను. నేను కీబోర్డు ముట్టను.

ఇక మనవాళ్ళ దగ్గరకి వద్దాం. మనవాళ్ళ భయానికి ఇంకో మెలిక ఉంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఈ దేశంలో దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, పిల్లల బడి, గ్రీన్‌కార్డు క్యూ, అన్నీ ఆ 60 రోజుల మీద వేలాడుతుంటాయి. అలాంటివాడిని “ధైర్యంగా నిజం చెప్పు” అనడం తేలిక.

కొన్నేళ్ళ కిందట ఒక ఇన్సూరెన్స్ క్లయింట్ దగ్గర క్లెయిముల సిస్టమ్ ఆగిపోయింది. రాత్రి ఒంటిగంట. హైదరాబాద్ టీముకి మిట్టమధ్యాహ్నం కావొస్తోంది, మేం మాత్రం ఆవలింతలు మింగుకుంటున్నాం. రెండు గంటలు నెట్‌వర్క్ వాళ్ళ వెంటపడ్డాక ఒక కుర్రాడి దగ్గర్నుంచి నాకు విడిగా మెసేజ్ వచ్చింది.

“అన్నా, కాల్‌లో చెప్పలేను. సాయంత్రం టెస్ట్ అనుకుని ఒక అప్‌డేట్ స్క్రిప్ట్ నడిపాను. అది ప్రొడక్షన్ కనెక్షనేమో.”

“ఎన్నింటికి?”

“ఆరున్నరకి.”

“మంచిపని చేశావు తమ్ముడూ, చెప్పి. ఆ స్క్రిప్ట్ నాకు పంపు.”

నాకు కోపం రాలేదంటే అబద్ధమే. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి కాల్‌లోకి వచ్చి, సాయంత్రం ఆరున్నరకి ఈ టేబుల్ మీద ఒక స్క్రిప్ట్ నడిచింది, అక్కణ్ణుంచి చూద్దాం అన్నాను. ఎవరు నడిపారని క్లయింట్ డైరెక్టర్ అడిగాడు. ముందు సిస్టమ్ లేపుదాం, పేరు కావాలంటే నా పేరు రాసుకోండి, టీము నాది అన్నాను. ఆ తర్వాత నలభై నిమిషాల్లో క్లెయిములు కదిలాయి. మర్నాడు రిపోర్టులో మనిషి పేరు బదులు, టెస్టుకీ ప్రొడక్షన్‌కీ తెరలు అచ్చంగా ఒకేలా ఉండటం గురించి రాశాం. ప్రొడక్షన్ తెరకి ఎర్రరంగు వేయించాం, వ్యక్తిగత లాగిన్లకి రాసే అనుమతి తీయించాం. డైరెక్టర్‌కి ఆ రిపోర్టు నచ్చలేదు. కుర్రాడు ఆ ప్రాజెక్టులో ఇంకో ఏడాదిన్నర పనిచేశాడు.

ఇదంతా చదివి, లీడ్ అంటే ఎప్పుడూ చిరునవ్వుతో ఉండాలనుకునేరు. ఇల్లు కాలుతుంటే చుట్ట వెలిగించుకునే రకం శాంతమూర్తులని కూడా చూశాను. “అంతా కంట్రోల్లోనే ఉంది” అని తీయగా చెబుతూ, కస్టమర్లకి చెప్పాల్సిన కబురు మూడు గంటలు తొక్కిపెడతారు. వాళ్ళకంటే కాస్త గట్టిగా మాట్లాడి నిజం చెప్పేవాడే నయం.

ఇంకో సంగతి మనం ఎక్కువగా మాట్లాడుకోం. కాల్‌లో అణచుకున్న విసుగు ఎక్కడికీ పోదు. పొద్దున్నే పాలు ఒలకబోసిన పిల్లవాడి మీదో, ఏం జరిగిందని అడిగిన భార్య మీదో పడుతుంది. అందుకని కాల్ అయ్యాక తిన్నగా పడకగదిలోకి వెళ్ళను. చలికాలమైనా సరే, కోటు వేసుకుని డ్రైవ్‌వేలో పది నిమిషాలు అటూ ఇటూ తిరుగుతాను. ఎదురింటాయన నాకేదో జబ్బు అనుకుంటున్నాడని మా ఆవిడ అనుమానం. ఇక మెయిళ్ళు. తెల్లవారుజామున నాలుగింటికి రాసినదేదీ అప్పుడే పంపను, డ్రాఫ్టుల్లో పెట్టి పడుకుంటాను. తొమ్మిదింటికి లేచి చూసుకుంటే అందులో సగం వాక్యాలు ఎవరో ఒకరి పేరుతో మొదలవుతుంటాయి. అవి కొట్టేశాక మిగిలింది పంపుతాను.