ఓటీపీ: రీసెండ్ నొక్కినకొద్దీ లాగిన్ లాక్ అవుతోందా..? ‘టూ మెనీ రిక్వెస్ట్స్’ వెనకున్న అసలు కథ ఇదే..!

లాగిన్ అవుదామని ఫోన్ నంబర్ కొట్టారు. ఓటీపీ రాలేదు. రీసెండ్ నొక్కారు. అయినా రాలేదు. ఇంకో నాలుగుసార్లు టకటకా నొక్కేసరికి ‘టూ మెనీ రిక్వెస్ట్స్.. ట్రై అగైన్ లేటర్’ అంటూ స్క్రీన్ మీద మెసేజ్ ప్రత్యక్షం. ఇది స్మార్ట్‌ఫోన్ వాడే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. చాలామంది నెట్‌వర్క్‌నో, యాప్‌నో తిట్టుకుని వదిలేస్తారు. కానీ అది యాప్ పాడవడం వల్ల వచ్చే మెసేజ్ కాదు. కావాలనే పెట్టిన తాళం. దాని పేరే రేట్ లిమిటింగ్. అంటే ఒక నిర్ణీత సమయంలో ఇన్ని రిక్వెస్టులే తీసుకుంటాం, అంతకు మించితే వెనక్కి పంపేస్తాం అనే రూల్. ఈ రూల్ లేకపోతే మీ అకౌంట్ నిమిషాల్లో వేరేవాళ్ల చేతికి వెళ్లొచ్చు. అదే రూల్ సరిగ్గా పెట్టకపోతే, ఏ తప్పూ చేయని మీరే బయట నిలబడాల్సి వస్తుంది. అదెలాగో చూద్దాం.

అసలు మీ లాగిన్ చూసేది ఎవరు?

మీరు వాడే యాప్ తయారుచేసిన కంపెనీయే మీ పాస్‌వర్డ్, ఓటీపీ వ్యవహారం చూస్తుందని అనుకుంటాం. చాలా యాప్‌ల విషయంలో అది నిజం కాదు. ఆ పనిని బయట కంపెనీలకు అప్పగిస్తారు. గూగుల్‌కు చెందిన ఫైర్‌బేస్ అథెంటికేషన్, అమెజాన్ కాగ్నిటో, ఆథ్‌జీరో, సూపాబేస్ లాంటివి ఇలాంటి సేవలే. అపార్ట్‌మెంట్ వాళ్లు సొంతంగా వాచ్‌మన్‌ను పెట్టుకోకుండా, గేటు బాధ్యతను సెక్యూరిటీ ఏజెన్సీకి ఇచ్చేసినట్టన్నమాట. యూజర్ ఎవరో తేల్చడం, పాస్‌వర్డ్ చెక్ చేయడం, ఓటీపీ పంపించడం అన్నీ ఆ ఏజెన్సీ పనే.

ఆ ఏజెన్సీ ఒక్క అపార్ట్‌మెంట్‌కే కాదు, వేల అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తుంది. ఒక గేటు దగ్గర జనం ఎగబడితే మిగతా గేట్ల దగ్గర పని ఆగిపోకూడదు. అందుకే ఒక్కో యాప్‌కు ఇంత అని కోటా ఇస్తుంది. ఆ కోటా దాటితే వచ్చే జవాబుకు ఇంటర్నెట్ భాషలో ఒక నంబర్ ఉంది.. 429. పేజీ దొరకనప్పుడు వచ్చే 404 చాలామందికి తెలుసు. ఈ 429 దానికి తమ్ముడు లాంటిది. 2012 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ ప్రమాణాల్లో దీన్ని చేర్చారు. ‘మీరు అడగడం తప్పు కాదు, కానీ మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు’ అని దానర్థం. ఎంతసేపు ఆగి మళ్లీ రావాలో చెప్పే వీలు కూడా ఆ జవాబులోనే ఉంటుంది.

లిమిట్ లేకపోతే ఏమవుతుంది?

చిన్న లెక్క చూడండి. ఆరు అంకెల ఓటీపీకి మొత్తం 10 లక్షల కాంబినేషన్లు ఉంటాయి. మనిషి చేత్తో కొడితే నెలల తరబడి కొట్టాలేమో. కానీ కంప్యూటర్ ప్రోగ్రామ్ సెకనుకు వెయ్యి నంబర్లు ప్రయత్నిస్తే వెయ్యి సెకన్లు, అంటే 17 నిమిషాల్లోపే అన్నీ అయిపోతాయి. అదే ఐదుసార్లు తప్పు కొట్టగానే ఆపేస్తే? దొంగకు దొరికే ఛాన్స్ 2 లక్షల్లో ఒకటి. నాలుగు అంకెల ఓటీపీ అయితే 2 వేలల్లో ఒకటి. అంటే ఓటీపీని కాపాడేది అందులోని అంకెలు మాత్రమే కాదు. దాని ముందున్న లిమిట్ కూడా.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2016లో బెంగళూరుకు చెందిన సెక్యూరిటీ రీసెర్చర్ ఆనంద్ ప్రకాశ్ ఫేస్‌బుక్‌లో ఇలాంటి లోపాన్నే పట్టుకున్నారు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఫేస్‌బుక్ ఆరు అంకెల కోడ్ పంపుతుంది. మెయిన్ సైట్‌లో పది, పన్నెండుసార్లు తప్పు కొడితే బ్లాక్ చేసేది. కానీ టెస్టింగ్ కోసం పెట్టిన బీటా సైట్‌లో ఆ లిమిట్ పెట్టడం మర్చిపోయారు. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టు అయింది. ఆ దారిలో ఎవరి అకౌంట్‌లోకైనా వెళ్లొచ్చని తన సొంత అకౌంట్ మీదే ప్రయోగించి ఆయన చూపించారు. ఫేస్‌బుక్ ఆ లోపాన్ని సరిచేసి, ఆయనకు 15 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది.

2019లో చెన్నైకి చెందిన లక్ష్మణ్ ముత్తయ్య ఇన్‌స్టాగ్రామ్‌లో మరో కోణం బయటపెట్టారు. అక్కడ లిమిట్ ఉంది. ఒకే ఐపీ అడ్రస్ నుంచి వెయ్యి రిక్వెస్టులు పంపితే దాదాపు 250 మాత్రమే వెళ్లాయి, మిగతావి ఆగిపోయాయి. అయితే ఆ లెక్క ఒక్కో అడ్రస్‌కు విడివిడిగా వేస్తున్నారని ఆయన గమనించారు. వెయ్యి అడ్రస్‌ల నుంచి ఒకేసారి పంపితే 2 లక్షల కోడ్‌లు బ్లాక్ కాకుండా వెళ్లిపోయాయి. 5 వేల అడ్రస్‌లు అద్దెకు తీసుకుంటే మొత్తం 10 లక్షల కోడ్‌లూ ప్రయత్నించొచ్చని, దానికి 150 డాలర్లు ఖర్చవుతుందని లెక్క తేల్చారు. దీనికి ఆయనకు 30 వేల డాలర్ల రివార్డ్ దక్కింది. లిమిట్ ఉంటే చాలదు, దేన్ని లెక్కపెడుతున్నామన్నదే అసలు పాయింట్ అని ఈ కేసు తేల్చింది.

ఒక్కో ఎస్ఎంఎస్‌కు ఒక్కో బిల్లు

లిమిట్ వెనక ఇంకో కారణం కూడా ఉంది.. డబ్బు. మీకు ఓటీపీ ఫ్రీగానే వస్తుంది కానీ, పంపినవాళ్లకు ప్రతి ఎస్ఎంఎస్‌కూ బిల్లు పడుతుంది. మోసగాళ్లు దీన్నే ఆసరాగా తీసుకుంటారు. వేలకొద్దీ నంబర్లతో ఓటీపీలు అడిగించి, ఆ ఎస్ఎంఎస్‌ల చార్జీల్లో వాటా కొట్టేస్తారు. నకిలీ అకౌంట్లతో జరిగే ఇలాంటి ఎస్ఎంఎస్ దందా వల్ల ట్విట్టర్ ఏడాదికి 6 కోట్ల డాలర్లు నష్టపోతోందని ఎలాన్ మస్క్ స్వయంగా చెప్పారు. డబ్బు కట్టని యూజర్లకు ఎస్ఎంఎస్ ద్వారా టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్‌ను 2023 మార్చి 20 నుంచి ట్విట్టర్ ఆపేసింది కూడా. మీరు రీసెండ్ బటన్ నొక్కగానే 30 సెకన్లో, 60 సెకన్లో కౌంట్‌డౌన్ కనిపించేది ఇందుకే. సూపాబేస్‌లో అయితే ఒకసారి ఓటీపీ అడిగాక మళ్లీ అడగాలంటే మామూలుగా 60 సెకన్లు ఆగాల్సిందే.

మరి లెక్క ఎలా పెడతారు?

దీనికి బాగా వాడే పద్ధతిని ‘టోకెన్ బకెట్’ అంటారు. కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. సన్నటి ధారతో బిందె నిండుతూ ఉంటుంది. లాగిన్ రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్లు తీస్తారు. బిందె నిండా ఉన్నప్పుడు పది గ్లాసులు గబగబా తీసుకోవచ్చు. ఖాళీ అయితే మాత్రం ధార పడేదాకా ఆగాల్సిందే. అందుకే రెండు మూడుసార్లు వెంటవెంటనే నొక్కినా నడుస్తుంది, పదోసారికి మాత్రం ఆగిపోతుంది.

తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లకు లెక్క వేరు. అమెజాన్ కాగ్నిటోలో ఐదుసార్లు తప్పు కొడితే మొదట ఒక్క సెకను మాత్రమే లాక్ పడుతుంది. ఆ తర్వాత ప్రతి తప్పుకూ అది రెట్టింపు అవుతూ పోతుంది. రెండు, నాలుగు, ఎనిమిది.. ఇలా దాదాపు 15 నిమిషాల దాకా వెళ్తుంది. పొరపాటున తప్పు కొట్టిన మనిషికి సెకను పెద్ద విషయం కాదు. లక్ష పాస్‌వర్డ్‌లు ప్రయత్నించాలనుకునే ప్రోగ్రామ్‌కు మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

ఆథ్‌జీరోలో మామూలుగా ఒకే ఐపీ అడ్రస్ నుంచి ఒకే అకౌంట్‌కు 10 సార్లు తప్పు కొడితే బ్లాక్ పడుతుంది. ఇక్కడ అకౌంట్‌నూ, అడ్రస్‌నూ కలిపి చూడటంలో ఒక తెలివి ఉంది. అకౌంట్ మీదే లాక్ వేస్తే, మీరంటే గిట్టనివాళ్లు ఎవరైనా మీ పేరుతో పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టి మిమ్మల్ని బయట నిలబెట్టేయొచ్చు. రెండూ కలిపి చూస్తే ఆగేది ఆ కొట్టినవాడే, వేరే నెట్‌వర్క్‌లో ఉన్న మీరు కాదు.

తప్పు చేయనివాళ్లకూ దెబ్బే..!

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మొబైల్ డేటాలో చాలామంది ఒకే ఐపీ అడ్రస్ వెనక ఉంటారు. పాత తరహా అడ్రస్‌లు సరిపోక, టెలికాం కంపెనీలు ఒక్క అడ్రస్‌నే ఎంతోమందికి పంచుతాయి. కాలేజీ హాస్టల్ వైఫై కూడా అంతే. రిజల్ట్స్ వచ్చిన రోజు 300 మంది స్టూడెంట్లు ఒకే వైఫై నుంచి లాగిన్ అయితే, అవతలి సర్వర్‌కు కనిపించేది ఒకే అడ్రస్ నుంచి 300 రిక్వెస్టులు. అది హాస్టలో, హ్యాకరో దానికి తెలియదు. మొదటి 50 మంది లోపలికి వెళ్తారు, మిగతావాళ్లకు 429 పడుతుంది. అడ్మిషన్‌కో, ఫీజు కట్టడానికో అదే ఆఖరి రోజైతే ఆ మెసేజ్ ఖరీదు చిన్నది కాదు.

యాప్ డెవలపర్లు చేసే ఒక పొరపాటు వల్లా ఇలా జరుగుతుంది. యూజర్ ఫోన్ నుంచి నేరుగా కాకుండా, లాగిన్‌లన్నీ తమ సర్వర్ మీదుగా పంపుతారు. అప్పుడు బయటి లాగిన్ సేవకు లక్షమంది యూజర్లూ ఒక్కరిలాగే కనిపిస్తారు. అసలు యూజర్ అడ్రస్‌ను కూడా వెంట పంపే ఏర్పాటు చేస్తేనే ఈ గందరగోళం తప్పుతుంది.

ఇక రిజెక్ట్ అయిన వెంటనే యాపే తనంతట తాను మళ్లీ మళ్లీ ప్రయత్నించడం మరో సమస్య. గేటు మూశారని అందరూ కలిసి ఇంకా గట్టిగా తోసినట్టు ఉంటుంది. ఒకసారి ఆగితే సెకను, మళ్లీ ఆగితే రెండు సెకన్లు, ఆ తర్వాత నాలుగు.. ఇలా గ్యాప్ పెంచుకుంటూ పోవాలి. అందులోనూ అందరి ఫోన్లూ ఒకే క్షణంలో రాకుండా కొంచెం అటూ ఇటూగా సమయాన్ని మార్చాలి.

కోవిన్ నుంచి తత్కాల్ దాకా

మన దేశంలో కోట్లమంది ఈ లిమిట్లను కళ్లారా చూశారు. 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్లు దాటినవారికి కోవిన్ రిజిస్ట్రేషన్ మొదలైతే ఒక్కరోజులోనే కోటి మందికి పైగా నమోదయ్యారు. సాయంత్రం 4 గంటలకు తెరవగానే ఓటీపీలు రాక జనం అల్లాడిపోయారు. స్లాట్లు వెతికే ప్రోగ్రామ్‌లు పెరగడంతో, ఆ సమాచారం అడిగేవారికి ఒక ఐపీ అడ్రస్ నుంచి 5 నిమిషాలకు 100 రిక్వెస్టులే అనే పరిమితి ఉండేది.

రైల్వే తత్కాల్ టికెట్లదీ ఇదే కథ. బుకింగ్ మొదలైన తొలి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్‌లవే ఉంటున్నాయని 2025లో రైల్వే శాఖే చెప్పింది. ఆ ఏడాది జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ అథెంటికేషన్ తప్పనిసరి చేసింది. యూపీఐలోనూ అంతే. 2025 ఆగస్టు 1 నుంచి ఒక్కో యాప్‌లో రోజుకు 50 సార్లు మాత్రమే బ్యాలెన్స్ చూసుకునేలా ఎన్‌పీసీఐ పరిమితి పెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్యాంకుల నుంచి పాత లావాదేవీల స్టేటస్ రిక్వెస్టులు వెల్లువెత్తడం వల్లే యూపీఐ స్తంభించిన సంగతి తెలిసిందే.

లాక్ పడితే మీరేం చేయాలి?

* రీసెండ్ మీద రీసెండ్ నొక్కొద్దు. కౌంట్‌డౌన్ అయ్యేదాకా ఆగండి. చాలా యాప్‌లలో కొత్త ఓటీపీ అడగగానే పాతది చెల్లకుండా పోతుంది. రెండు మెసేజ్‌లు వస్తే చివరగా వచ్చినదే కొట్టండి.

* పాస్‌వర్డ్ గుర్తులేకపోతే ఊహించి కొడుతూ కూర్చోవద్దు. మూడోసారికే ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కడం మేలు.

* వైఫైలో లాక్ పడితే మొబైల్ డేటాకు మారి చూడండి. అడ్రస్ మీద పడిన లిమిట్ అయితే దారి దొరకొచ్చు. అకౌంట్ మీద పడినదైతే ఆగక తప్పదు.

* ముఖ్యమైన పనికి ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. తత్కాల్ లాంటి వాటికి లాగిన్ వివరాలు పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి.

* మీరు అడగకుండానే వరసగా ఓటీపీలు వస్తుంటే జాగ్రత్త. ఎవరో మీ నంబర్‌తో ప్రయత్నిస్తున్నారని అర్థం. ఆ కోడ్ ఎవరికీ చెప్పొద్దు, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోండి.

* ‘అకౌంట్ అన్‌లాక్ చేస్తాం’ అంటూ ఫోన్ చేసేవాళ్లను, ఇంటర్నెట్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లను నమ్మొద్దు. రేట్ లిమిట్ తీయడానికి మీ ఓటీపీతో ఎవరికీ పనిలేదు. సమయం కాగానే అదే తొలగిపోతుంది. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

* వీలున్నచోట ఎస్ఎంఎస్ ఓటీపీకి బదులు అథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌కీ గానీ పెట్టుకోండి. ఎస్ఎంఎస్ కోసం ఎదురుచూసే పనీ, రీసెండ్ గొడవా రెండూ ఉండవు.

యాప్‌లు నడిపేవాళ్ల మీదా ఒక బాధ్యత ఉంది. ‘ట్రై అగైన్ లేటర్’ అని వదిలేయకుండా, ఇంకా ఎన్ని సెకన్లు ఆగాలో స్క్రీన్ మీద తెలుగులో చూపిస్తే చాలు.. సగం మంది మళ్లీ మళ్లీ నొక్కడం ఆపేస్తారు. ఆ ఒక్క లైన్ లేకనే కంగారులో నొక్కి నొక్కి, చివరికి మోసగాళ్ల ఫోన్ నంబర్ల దాకా వెళ్తున్నవాళ్లు ఉన్నారు.