నైరుతిగాలి వేళ అండమాన్ దీవులు

ప్రతి సంవత్సరమును రోహిణీకార్తెకు రోళ్లు పగులునను సామెతను తలచుకొనుచు మనము తెలుగునాట చెమటలోడ్చుచుండు దినములలో, పత్రికలయందొక మూల, నైరుతి రుతుపవనములు అండమాన్‌ను తాకినవను చిన్న వార్త వచ్చును. దానిని చదివి మన యూరికి వాన యింక నెన్నినాళ్లలో వచ్చునని లెక్కలు వేసికొందుమే గాని, ముందుగా ఆ వానలో తడియుచున్న దీవులలో ఆనాడేమి జరుగుచున్నదని ఆలోచించువారు అరుదు. ప్రయాణముల ఏజెంట్లు సైతము మే మొదలు సెప్టెంబరు వరకు అండమాన్ పేరు ఎత్తరు; ఎత్తినను ధరతోపాటు గొంతును కూడ తగ్గించి చెప్పుదురు. నేనును నా భార్యయు ఉద్యోగబాధ్యతలు తీరిన పిమ్మట ఆ దీవులను చూడగోరి, శీతకాలపు రద్దీకి వెరచి, కావలెననియే వానకారున బయలుదేరితిమి. ఎండవేళ పోయినవారు ఆ సముద్రమును చూచి వత్తురు; వానవేళ పోయినవారికి సముద్రము బూడిదరంగు తెర వెనుక దాగుకొనుటచేత, అడవియు, ఊళ్లును, వాని నాశ్రయించి బ్రదుకు జనమును కనబడుదురు.

బంగాళాఖాతమునకు ఆగ్నేయదిక్కున, ఉత్తర అక్షాంశము 6 డిగ్రీలకును 14 డిగ్రీలకును నడుమ, బర్మాలోని అరకాన్ కొండలు సముద్రములో మునిగి సుమత్రా వైపు సాగిపోవుచు అక్కడక్కడ తలలెత్తగా ఏర్పడినవే అండమాన్ నికోబార్ దీవులు. రాళ్లను తిట్టలను కూడ లెక్కించిన ఐదు వందలకు మించును గాని, మనుష్యులు నివసించునవి నలుబదికి లోపే. దక్షిణార్ధగోళమునుండి బయలుదేరిన గాలి భూమధ్యరేఖను దాటగానే భూభ్రమణమువలన కుడివైపునకు మళ్లి, వెచ్చని సముద్రముమీద నీటియావిరిని నింపుకొని, నైరుతిగాలియై వచ్చును. బంగాళాఖాతమున ఆ గాలికి మొదట ఎదురగు నేల యిదియే. సామాన్యముగా మే మూడవ వారములో వాన దిగును. తరువాత అక్టోబరు నవంబరులలో గాలి ఈశాన్యమునకు తిరిగినప్పుడు మరల కురియును. సంవత్సరమునకు మొత్తము మీద 3,000 మిల్లీమీటర్లకు అటునిటుగా పడు ఆ వర్షము మన విశాఖపట్టణమున పడుదానికి రెట్టింపునకు పైమాటయే.

ఇంత వాన కురియుచోట నీటికేమి కొదువయని తోచుట సహజము. కాని పోర్టుబ్లెయిరులో (2024లో శ్రీవిజయపురమని పేరు మార్చినను అచ్చటి ఆటోవాని నోట ఇప్పటికిని పాత పేరే ఆడుచున్నది) వేసవి ముదిరిన కొలది కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కొక్క యేడు మరింత యెడముగా వచ్చుట వాడుక. దీవులు సన్ననివి, కొండలు వాలైనవి. పడిన నీరు నిలువకయే సముద్రములో కలిసిపోవును. అండమాన్ దీవులలో చెప్పుకోదగిన నది ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ తప్ప వేరు లేదు. రాజధానికి నీరిచ్చునది ధనికారి జలాశయము. దానిని నింపునది వాన. కనుక యాత్రికునికి ‘సీజను కాని సీజను’ అక్కడి గృహిణికి సంవత్సరములోకెల్ల ముఖ్యమైన సీజను.

ఈ సంగతి నాకు అర్థమైనది జంగ్లీఘాట్‌లో. చేపలరేవును ఆనుకొనియున్న ఆ పేటలో శ్రీకాకుళము విశాఖపట్టణముల తీరమునుండి తరతరములుగా తరలిపోయిన మత్స్యకారుల కుటుంబములు పెక్కు గలవు. అండమాన్ నికోబార్ జనములో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనాభా లెక్కల ప్రకారము నూటికి పదమూడుగురు. వర్షపు జోరు హెచ్చుటచే ఒక యింటి చూరు క్రిందికి మేమిరువురము జరుగగా, ఆ యింటి యామె మమ్ము చూచి నవ్వి, లోపలినుండి ముక్కాలిపీటను తెచ్చి వేసినది. రేకుల కప్పు అంచున సగమునకు చీల్చిన ప్లాస్టిక్ గొట్టమును తీగతో కట్టి, దాని కొసను నీలిరంగు డ్రమ్ములోనికి వంచి, డ్రమ్ము మూతికి పాతచీర పేటును నాలుగు మడతలు వేసి బిగించియున్నారు. మొదటి జల్లుకు రేకులమీది దుమ్ము కడుగుకొని పోవువరకు గొట్టమును ప్రక్కకు త్రోసియుంచి, నీరు తేరిన పిమ్మట దానిని డ్రమ్ములోనికి మళ్లించుట ఆమె పని. “ఈ వానతో పనులకు ఇబ్బంది లేదూ?” అని నా భార్య అడిగినది. “ఇబ్బందేటమ్మా! సముద్రం నడుమ కూకుని నీళ్లకి ఏడిసీ బతుకులు మావి. ఈ నాలుగు నెలలే మాకు పండగ,” అని ఆమె గొట్టమును సరిచేసినది. మేము కూర్చున్నంతలోనే డ్రమ్ము నిండి రెండవదానికి వంతు వచ్చినది.

సెల్యులార్ జైలును వానలోనే చూచితిమి. 1896లో ఆరంభించి 1906లో ముగించిన ఈ కట్టడమునకు నడుమ గోపురమునుండి ఏడు బారులు నలుదిక్కులకు చాచినట్లుండెడివి. నేడు మిగిలినవి మూడు. ఒక బారు ముఖము వేరొక బారు వీపును చూచునట్లు కట్టుటచేత ఒక ఖైదీకి ఇంకొక ఖైదీ ముఖము కనబడెడిది కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాము మల్లుదొర శిక్ష ననుభవించినది ఈ జైలులోనే. ఆతడే 1952లో విశాఖపట్టణమునుండి మొదటి లోకసభకు ఎన్నికయ్యెను. యాత్రికులు పలుచగా నుండుటచే గదిలో తలుపు దగ్గరగా వేసికొని కొంతసేపు ఊరక నిలుచుటకు వీలుచిక్కినది. ఎత్తున నున్న చిన్న గవాక్షములోనుండి వాన చప్పుడు మాత్రమే వచ్చుచుండెను. రద్దీ దినములలో ఆ వసతి దొరకదని వినియుంటిని.

ఇక ప్రయాణపు కష్టము. దీవినుండి దీవికి పోవుటకు సామాన్యముగా ఓడయే త్రోవ. ఓడ వాతావరణము చెప్పినట్లు వినును. మన తీరమున తుపాను దినములలో ‘మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరి’ అను మాటను వినని తెలుగువాడుండడు. వానకారున అండమాన్‌లో ఆ సూచిక తుపానుతో నిమిత్తము లేకయే, గాలి బలిసినప్పుడెల్ల ఎగురును. అది యెగిరినచో స్వరాజ్ ద్వీపమునకు, అనగా 2018 వరకు హేవ్‌లాక్ అనబడిన దానికి, పోవలసిన పడవలు రేవులోనే యుండును. టికెట్టు చేతనుండియు ఫీనిక్స్ బే రేవున బల్లమీద కూర్చున్న మాకు టికెట్ల గుమాస్తా “ఈరోజు కాదు సార్, రేపటి మాట రేపు” అని చెప్పిన తీరులో చిరాకు గాని, క్షమార్పణ గాని లేదు. చుట్టునున్న స్థానికులు కూరగాయల బుట్టలు, కోళ్ల గంపలు, ఒక మంచపుకోళ్ల కట్ట తీసికొని మాట మాత్రమైన ఆడక ఇండ్లకు మరలిరి. గట్టిగా వాదించినవారందరు మావలె పైనుండి వచ్చినవారే.

మరునాడు పోనిచ్చిరి. బయటి సముద్రమున పడవ ఊగిన ఊపునకు నా భార్య నిమ్మకాయను వాసన చూచుచు కన్నులు మూసికొని, దీవి వచ్చువరకు నాతో పలుకలేదు.

స్వరాజ్ ద్వీపమునకు 1950 ప్రాంతములలో తూర్పు బెంగాలు కాందిశీకులను తెచ్చి కాపురముంచిరి. వారు అడవిని కొట్టి పల్లెలు కట్టుకొని గోవిందనగర్, రాధానగర్, కృష్ణనగర్, శ్యామనగర్ అని పేరులిడుకొనిరి; ప్రక్కదైన షహీద్ ద్వీపమున స్థిరపడినవారు సీతాపుర్, భరత్‌పుర్, లక్ష్మణ్‌పుర్, రామనగర్ అనిరి. ఇల్లు విడిచి నీటి నడుమకు వచ్చినవారు ఒక దీవిని బృందావనముగాను, రెండవదానిని అయోధ్యగాను చేసికొనుట నాకు ఎంత సముద్రశోభకంటెను ముచ్చటగా తోచినది. టైమ్ పత్రిక 2004లో ఆసియాలోకెల్ల ఉత్తమమని పొగడిన రాధానగర్ తీరము పడమటిదగుటచే నైరుతిగాలి నేరుగా దానిమీదనే పడును. ఆ ఋతువున అక్కడ ఎర్రజెండా నాటి, ఈదరాదని కాపలావారు ఈల వేయుచుందురు. ఆ ఈలను లెక్కచేయనివారిని చూచితిమి గాని వారిని మెచ్చుకొనుటకు నాకు మనసు రాలేదు. దీవికి తూర్పువైపున, గోవిందనగర్ వద్ద, అదే గంటలో నీరు చెరువువలె నుండును, కొండయు అడవియు గాలికి అడ్డమగుటచేత. కావున వానకారున బస తూర్పుతీరమున పెట్టుకొని, పడమటి తీరమును పొడియిసుకమీదినుండి చూచుట మేలు. భారతకాలమానము 82½ డిగ్రీల రేఖ ననుసరించునది. ఈ దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున నుండుటచేత గడియారముకంటె నలుబది నిమిషములు ముందే తెల్లవారును, సాయంకాలము ఆరు గంటలకు ముందే ప్రొద్దు గ్రుంకును. మబ్బు పట్టిన దినమున ఐదింటికే దీపము పెట్టవలెను.

మేము చూచినవానిలో వానను అన్నిటికంటె కన్నులకు కట్టినట్లు చూపినది బారాటాంగ్ గుహ. పోర్టుబ్లెయిరునుండి ఉత్తరముగా సుమారు నూరు కిలోమీటర్లు పోవలెను. జిర్కటాంగ్ వద్ద వాహనములన్నియు నిలిచి, నిర్ణీతమైన వేళకు ఒక్క బారుగా, కాపలాతో సాగును. దారికి రెండు ప్రక్కలనున్న అడవి జారవా జాతివారిది. ఆగరాదు, ఫోటో తీయరాదు, తినుబండారమీయరాదు. ఈ భాగమున రోడ్డును మూసివేయవలెనని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించినను వాహనములు నేటికిని నడచుచున్నవి. జంతుప్రదర్శనశాలకు వచ్చినట్లు కిటికీలనుండి మెడలు చాచి మనుష్యులకొరకు వెదకు యాత్రికులను చూచి మా యిద్దరికిని కలిగిన రోత ఇంతని చెప్పలేను.

జలసంధిని దాటి, మన కోరంగిలోవలెనే ఊపిరివేళ్లు పైకి పొడుచుకొనివచ్చిన మడ అడవుల నడిమి పాయలో చిన్న మోటారు పడవమీద పోయి, దిగి, బురదలో కొంతదూరము నడువగా గుహ వచ్చును. లోపల దారి చూపు యువకుడు టార్చిదీపమును పైకప్పుకు త్రిప్పి, వ్రేలాడు సున్నపురాతి కొనలలో ఒకదానిమీద నిలిపెను. ఆ కొనన ఒక నీటిబొట్టు ముత్యమంత యుండి, మెల్లగా బరువెక్కి, క్రిందనున్న మొద్దుపై టప్పున పడెను. రెండవది అప్పుడే ఊరుచుండెను. వర్షపునీరు గాలినుండి కొంత, కుళ్లిన ఆకులతో నిండిన మట్టినుండి మరింత బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, బలహీనమైన ఆమ్లమై, సున్నపురాతిని ఇసుమంత కరిగించుకొని పగుళ్లవెంట దిగును. గుహలోని గాలి తగిలినంతనే ఆ వాయువు విడిపోవును. మోయలేని సున్నము కొనను అంటుకొని మిగులును. పై అడవిలో వాన కురిసినంతకాలము క్రింద గుహ పెరుగుచుండునన్నమాట. యాత్రికులు చేతులతో ముట్టిన కొనలు చేతి జిడ్డు పట్టి నల్లబడి, పెరుగుట మాని, ఎండియుండెను. ముట్టనివి తడితో తెల్లగా మెరయుచుండెను. ఆ తేడాను టార్చితో చూపి యువకుడు ఏమియు చెప్పలేదు. నేను జేబులలో చేతులు పెట్టుకొంటిని.

ఆ దీవిలోనే గల బురద అగ్నిపర్వతమును చూడుమని ప్రతివారును చెప్పుదురు. వానకు పలుచబడి బుడగలు వేయుచున్న ఆ గుంటలో చూడదగినదేమియు లేదు. మౌంట్ హారియట్ కొండ, 2021 తరువాత మౌంట్ మణిపుర్, వేరు మాట. 1891 యుద్ధమున ఓడిన మణిపుర రాజవంశీయులను ఇచ్చటనే ప్రవాసమున ఉంచిరి. పాత యిరువది రూపాయల నోటు వెనుకనున్న చిత్రము ఈ కొండదారినుండి కనబడు దృశ్యమే. మబ్బు దిగుటచే మాకు నోటుమీది చిత్రము నోటుమీదనే మిగిలినది. జలగలు మాత్రము పుష్కలము. సాక్సు పైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డను చుట్టుకొనుమని క్రింది టీదుకాణమువాడు ముందే చెప్పినందున నా భార్య సురక్షితముగా దిగివచ్చినది.

పోదలచినవారికి రెండు మాటలు. అండమాన్‌కు మన దేశీయులకు అనుమతిపత్రము అక్కరలేదు. నికోబార్‌కు ప్రత్యేకానుమతి కావలెను. వానకారున దీవినుండి తిరుగు విమానమునకును ఓడ టికెట్టుకును నడుమ ఖాళీ దినములు తప్పక ఉంచుకొనవలెను. హోటలుకన్న ముందు రేవును అడిగి తెలిసికొనవలెను. తీరికయున్నవారు విశాఖపట్టణమునుండి నేరుగా ఓడమీదనే పోవచ్చును. అది రెండున్నర దినములకు తక్కువకాని ప్రయాణము, నిత్యము నడచునది కాదు, తేదీలను ముందుగా విచారింపవలెను. నేను దానినే సిఫారసు చేయుదును గాని, ఈ విషయమున నా భార్య అభిప్రాయము వేరని, ఆమె విమానమనుచున్నదని కూడ వ్రాయుట న్యాయము.