రివాల్వర్ ఎంత తేలికైతే చేతికి అంత దెబ్బ: గ్రిప్ ఎంచుకునే ముందు చూడాల్సినవి ఇవే

పిట్ట కొంచెం, కూత ఘనం. జేబులో పట్టే తేలికపాటి రివాల్వర్ల విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. కొన్నప్పుడు ‘జేబులో ఉన్నట్టే తెలియడం లేదు’ అని మురిసిపోయినవాళ్లే, షూటింగ్ రేంజ్‌లో రెండు రౌండ్లు కాల్చాక అరచేయి రుద్దుకుంటూ బయటికొస్తారు. బొటనవేలి మొదట్లో మంట, మధ్య వేలి కణుపు మీద వాపు. ఆ తర్వాత రేంజ్‌కు వెళ్లడం తగ్గిపోతుంది. తుపాకీ మాత్రం జేబులోనే ఉంటుంది. సాధన లేని చేతిలో తుపాకీ ఉంటే పెట్టుకున్నవారికీ, పక్కనున్నవారికీ ముప్పే.

చాలా సందర్భాల్లో దీనికి మందు తుపాకీ మార్చడం కాదు, పిడికి ఉన్న గ్రిప్ మార్చడం. తుపాకీ ధరతో పోలిస్తే దాని ఖర్చు తక్కువ. ఒక్క స్క్రూ విప్పితే ఊడి వస్తుంది. కానీ ఏది తీసుకోవాలన్న దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

బరువు తగ్గింది, తన్ను పెరిగింది

జేబు రివాల్వర్ అనగానే అమెరికాలో ముందు గుర్తొచ్చేది స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ‘జె-ఫ్రేమ్’. 1950లో ‘చీఫ్స్ స్పెషల్’ పేరుతో వచ్చిన మొదటి మోడల్ పూర్తిగా ఉక్కుతో చేసింది. అందులో .38 స్పెషల్ తూటాలు ఐదు పడతాయి. బరువు సుమారు 550 గ్రాములు. తర్వాత అల్యూమినియం మిశ్రమంతో ‘ఎయిర్‌వెయిట్’ రకం వచ్చింది. నేటి 442, 642 మోడళ్లు ఆ కోవకు చెందినవే. ఖాళీగా ఉన్నప్పుడు ఇవి సుమారు 420 గ్రాములు తూగుతాయి. స్కాండియం కలిపిన ఫ్రేమ్, టైటానియం సిలిండర్‌తో వచ్చే 340 పీడీ బరువు ఇంకా తక్కువ, దాదాపు 335 గ్రాములు. 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్ కూడా 400 గ్రాముల లోపే.

ఇక్కడ హైస్కూల్ ఫిజిక్స్ పనిచేస్తుంది. తూటా ముందుకు వెళ్లే వేగానికి తుపాకీ వెనక్కి తన్నుతుంది. దీన్నే రీకాయిల్ అంటారు. అదే తూటా వాడుతూ తుపాకీ బరువు సగం చేస్తే, చేతికి తగిలే శక్తి రెట్టింపు అవుతుంది. ఆ లెక్కన 550 గ్రాముల ఉక్కు రివాల్వర్‌తో పోలిస్తే 420 గ్రాముల దానిలో తన్ను దాదాపు మూడో వంతు ఎక్కువ. 335 గ్రాముల దానిలో అరవై శాతానికి పైనే ఎక్కువ.

ఇంకో చిక్కు ట్రిగ్గర్‌తో. ఈ రకం రివాల్వర్లలో ట్రిగ్గర్ నొక్కడానికి సాధారణంగా 10 నుంచి 12 పౌండ్ల బలం కావాలి. అంటే నాలుగున్నర నుంచి అయిదున్నర కిలోలు. అరకిలో కూడా లేని వస్తువు మీద దాని బరువుకు పది రెట్లకు పైగా బలం పెడుతున్నామన్నమాట. పిడి చేతిలో గట్టిగా కూర్చోకపోతే, తూటా పేలక ముందే గొట్టం పక్కకు కదిలిపోతుంది. కాబట్టి గ్రిప్ పని రెండు రకాలు: తన్నును అరచేతి మీద పరవడం, ట్రిగ్గర్ లాగేటప్పుడు తుపాకీని కదలనివ్వకపోవడం.

ఎంత పొడవు ఉండాలి?

మొదట తేల్చుకోవాల్సింది తుపాకీ ఎక్కడ పెట్టుకుంటారన్నది. ప్యాంటు ముందు జేబు, బెల్టు, చలికోటు జేబు. ఒక్కోదానికి ఒక్కో లెక్క.

జేబుకైతే ‘బూట్ గ్రిప్’ అనే పొట్టి రకం సరిపోతుంది. ఫ్రేమ్ అడుగుతో సమానంగా ముగుస్తుంది కాబట్టి బయటికి ఆకారం కనిపించదు. అయితే దీన్ని పట్టుకునేది రెండు వేళ్లే. చిటికెన వేలు పిడి కిందికి మడవాల్సి వస్తుంది. మూడు వేళ్లూ పట్టే పొడవు గ్రిప్ వేస్తే అదుపు బాగా పెరుగుతుంది, రెండో తూటాకు గురి త్వరగా కుదురుతుంది. కాకపోతే జేబులో ఇరుక్కుంటుంది. బెల్టుకు పెట్టుకుని పైన వదులు చొక్కా వేసుకునేవారికి ఇదే మేలు.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. రివాల్వర్‌లో దాచడానికి కష్టమైనది గొట్టం కాదు, పిడి. గొట్టం ఒర లోపలికి పోతుంది, పిడి మాత్రం బయటికి పొడుచుకొస్తుంది. అర అంగుళం తేడా కూడా చొక్కా మీద తెలిసిపోతుంది.

రబ్బరా? కర్రా?

రబ్బరు గ్రిప్ మెత్తగా ఉంటుంది, చెమట చేతికీ జారదు, తన్నును కొంత మింగుతుంది. పాక్‌మేయర్, హోగ్ కంపెనీల గ్రిప్‌లకు పేరు అలాగే వచ్చింది. కానీ చేతికి అంటుకునే గుణమే గుడ్డకూ అంటుకునేలా చేస్తుంది. కుర్తా పక్క జేబులోంచో, కోటు లైనింగ్ కిందనుంచో తీసేటప్పుడు గుడ్డ కూడా వెంట వస్తుంది. చొక్కా దాని మీదికి జారకుండా అక్కడే ఎత్తుగా నిలిచిపోతుంది.

కర్ర గ్రిప్ నునుపుగా ఉంటుంది కాబట్టి గుడ్డ మీద సులువుగా జారుతుంది. మెత్తదనం ఉండదు. అయినా ఆకారం చేతికి సరిపోతే, సరిపోని రబ్బరు కంటే నొప్పి తక్కువే. ఎందుకంటే నొప్పి ఎక్కువగా వచ్చేది తన్ను అంతా ఒకేచోట గుచ్చుకున్నప్పుడు. వెడల్పుగా, గుండ్రంగా ఉన్న పిడి అదే బలాన్ని అరచేయంతా పంచుతుంది. గట్టి ప్లాస్టిక్ రకాలు ఈ రెంటికీ మధ్యస్తం.

వెనక వీపు మూయాలా, వదిలేయాలా?

చాలామంది పట్టించుకోనిది, తేడా ఎక్కువ చూపించేది ఇదే. కొన్ని గ్రిప్‌లు ఫ్రేమ్ వెనక వైపు లోహాన్ని అలాగే వదిలేస్తాయి. కొన్ని దాన్ని పూర్తిగా రబ్బరుతో కప్పేస్తాయి. కప్పితే అరచేతికి దిండు దొరికినట్టే. కానీ ఆ మందం వల్ల వేలికీ ట్రిగ్గర్‌కూ మధ్య దూరం పెరుగుతుంది. చిన్న చేతులవారికి వేలి కొన మాత్రమే అందుతుంది, బలం చాలదు, తుపాకీ పక్కకు తిరుగుతుంది. అలాంటివారికి వెనక తెరిచి ఉన్న రకమే నయం. పెద్ద చేతులవారికి సమస్య తిరగబడుతుంది. సన్నని పిడి అయితే వేలు మరీ లోపలికి పోతుంది, బొటనవేలు అడ్డం పడుతుంది.

మధ్య వేలి కణుపు వాయడానికి కారణం వేరు. పాత తరహా సన్నని కర్ర పలకలు వేసిన పిడిలో, ట్రిగ్గర్ గార్డ్ వెనక ఖాళీ ఉంటుంది. పేలినప్పుడు గార్డ్ వచ్చి ఆ వేలికి కొడుతుంది. ఆ ఖాళీని నింపే గ్రిప్ తీసుకుంటే దెబ్బ ఆగిపోతుంది. పాత పలకలు తీయడం ఇష్టం లేనివారి కోసం, ఖాళీలో మాత్రం ఇమిడే ‘టైలర్ టీ-గ్రిప్’ అనే చిన్న లోహపు ముక్క అమెరికాలో దశాబ్దాలుగా వాడుకలో ఉంది.

వేళ్ల కోసం గాళ్లు చెక్కిన గ్రిప్‌లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఆ గాళ్లు తమ వేళ్లకు సరిపోతే మంచిదే. సరిపోకపోతే గట్టు సరిగ్గా వేలి కింద పడి, పట్టు చెడుతుంది. ఎడమ వైపు పలక పైభాగం కూడా చూడాలి. అక్కడ మందంగా ఉంటే ఖాళీ షెల్స్ దానికి తగిలి ఆగుతాయి, స్పీడ్‌లోడర్ కూడా పట్టదు.

కొనే ముందు ఇలా చూడండి

ముందు తుపాకీ ఖాళీ చేయాలి. సిలిండర్ తెరిచి ప్రతి గదీ కంటితో, వేలితో చూడాలి. తూటాలు వేరే గదిలో పెట్టాలి. తర్వాత:

- బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పిడి మీద వీలైనంత పైకి ఉండేలా పట్టుకోవాలి. ఎంత పైకి పట్టుకుంటే గొట్టం అంత తక్కువ ఎగురుతుంది.
- మణికట్టు వంచకుండా, గొట్టం ముంజేతికి వరుసలో ఉన్నప్పుడు చూపుడువేలి మెత్తని భాగం ట్రిగ్గర్ మీద పడుతోందా చూడాలి.
- డమ్మీ తూటాలు వేసి, సురక్షితమైన దిశలో గురిపెట్టి నెమ్మదిగా పదిసార్లు నొక్కాలి. ముందు గురి ఊగినా, పిడి అరచేతిలో తిరిగినా ఆ గ్రిప్ సరిపోనట్టే.
- రోజూ వేసుకునే బట్టల్లో పెట్టి, ఖాళీ తుపాకీనే పదిసార్లు తీసి చూడాలి. ఎక్కడ తట్టుకుంటుందో తెలిసిపోతుంది.

ఆ తర్వాతే రేంజ్. ఐదు తూటాలు కాల్చాక మళ్లీ ఐదు కాల్చాలనిపిస్తే గ్రిప్ కుదిరినట్టు. మొదటి రోజు తర్వాత స్క్రూ వదులైందేమో చూసుకోవాలి. తేలికపాటి తుపాకీలో అదురు ఎక్కువ.

వీసా ఉన్నవారికి హెచ్చరిక

అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, దుకాణాల్లో పనిచేసే మన యువకులు ముందు తెలుసుకోవాల్సింది గ్రిప్ సంగతి కాదు, చట్టం సంగతి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా, హెచ్-1బీ వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాలపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ‘ఓనర్‌ది కదా, కౌంటర్ కింద ఉంది కదా’ అనుకుని ముట్టుకున్నా చిక్కే. గ్రీన్ కార్డ్ ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అయితే వెంట పెట్టుకుని తిరగడానికి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు. ఇల్లినాయిస్‌లో 16 గంటల శిక్షణ, లైసెన్స్ తప్పనిసరి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి అర్హులకు పర్మిట్ అక్కర్లేదు.

ఇక్కడి రివాల్వర్ల మాటేమిటి?

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండుకు మించి అనుమతి లేదు. లైసెన్స్‌దారులకు దొరికే రివాల్వర్లు ఎక్కువగా .32 బోర్‌వి. 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన ‘నిర్భీక్’ టైటానియం మిశ్రమంతో చేసింది, బరువు సుమారు 500 గ్రాములు. 2023లో వచ్చిన ‘ప్రబల్’ తూటాలు లేకుండా సుమారు 675 గ్రాములు. .32 తూటా తన్ను .38 కంటే చాలా తక్కువ కాబట్టి ఇక్కడ నొప్పి అంత సమస్య కాదు. ట్రిగ్గర్‌కు వేలు అందడం, పిడి చేతిలో తిరగకపోవడం మాత్రం ఇక్కడా అంతే ముఖ్యం. మహిళల కోసమని ప్రచారం చేసిన నిర్భీక్‌లాంటి వాటిని తీసుకునేటప్పుడు బరువు, రంగు, పెట్టె కంటే ముందు వేలు ట్రిగ్గర్‌కు సరిగా అందుతోందో లేదో చూసుకోవడం మంచిది.