సూరత్ పీలికల్లో కుట్టుపని శాస్త్రం

గుజరాత్‌లోని సూరత్‌కు వజ్రాల నగరమని ఎంత పేరుందో చీరల నగరమని అంత పేరుంది. దేశంలో సింథటిక్ వస్త్రాలు తయారయ్యే అతి పెద్ద కేంద్రాల్లో ఇది ఒకటి. పవర్‌లూమ్‌లపై నేసిన గుడ్డ పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామికవాడల్లో రంగులద్దుకుని, రింగ్ రోడ్డు మార్కెట్ల మీదుగా దేశమంతటికీ వెళ్తుంది. ఈ దారి పొడవునా ముక్కలు మిగులుతూనే ఉంటాయి. చీర అంచుల కత్తిరింపులు, జాకెట్టు గుడ్డల చివర్లు, అచ్చు సరిగా పడని ముక్కలు, నమూనాల కోసం కోసిన పీలికలు. వీటిని అక్కడ ‘చిందీ’ అంటారు.

ఈ నగరంతో తెలుగువారికి పాత అనుబంధమే ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం వలస వెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. గుడ్డతో బతికే ఇళ్లలో ముక్కను పారేయడానికి మనసొప్పదు. నాలుగు ముక్కలు చేర్చి ఫోను సంచో, పెన్సిళ్ల సంచో, గ్లాసు కింద పెట్టే చిన్న చాపో కుట్టి పండగకు ఇవ్వడం తేలికైన పనిలాగే కనిపిస్తుంది.

ఇది బొంత కుట్టే పద్ధతే. పాత చీరలను పొరలుగా పరిచి, వరసగా కుట్లు వేసి బొంతలు చేయడం తెలుగు ఇళ్లకు తెలిసిన విద్య. గుజరాత్‌లో దాన్నే ‘గోదడీ’ అంటారు. బెంగాల్ ‘కాంతా’, కర్ణాటక ‘కౌది’ కూడా అదే కోవలోవి. అయితే అమ్మమ్మల బొంత నూలు గుడ్డది. సూరత్ చిందీలో ఎక్కువ భాగం పాలిస్టర్. కుట్టే తీరు ఒకటే అయినా గుడ్డ గుణం వేరు. ఆ తేడా తెలియకపోతే ఎంత అందంగా కుట్టిన కానుకైనా వేడి గిన్నె పట్టుకున్న రోజున చేతిని కాలుస్తుంది.

ముక్క ఏ జాతిది?

పాలిస్టర్ అంటే ఎక్కువ సందర్భాల్లో పాలీఇథిలీన్ టెరిఫ్తలేట్, క్లుప్తంగా పెట్. మంచినీళ్ల సీసాలు తయారయ్యేదీ ఈ పదార్థంతోనే. 1941లో ఇంగ్లండ్‌లో జాన్ విన్‌ఫీల్డ్, జేమ్స్ డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు దీన్ని దారంగా తీశారు. నేడు ప్రపంచంలో తయారవుతున్న వస్త్రపు పోగుల్లో సగానికి పైగా పాలిస్టరే.

పత్తి పోగు సెల్యులోజ్. దాని అణువుల నిండా నీటిని పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. అందుకే మామూలు గాలిలోనే పత్తి తన బరువులో 7-8 శాతం తేమను పీల్చుకుని ఉంచుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది అర శాతం కూడా ఉండదు. ఈ ఒక్క తేడా నుంచి ఎన్నో పుట్టుకొస్తాయి. తేమ లేని పోగు విద్యుదావేశాన్ని వదిలించుకోలేదు. కాబట్టి పొడి వాతావరణంలో పాలిస్టర్ ముక్కలు ఒకదానికొకటి, చేతికి, మిషన్‌కు అంటుకుంటాయి. చెమటను, ఒలికిన నీటిని సరిగా పీల్చవు. నునుపైన పొడవాటి పోగులు కావడంతో కోసిన అంచు ఇట్టే విడిపోతుంది.

వేడి దగ్గర తేడా మరీ పెద్దది. పత్తి కరగదు, మాడి కాలుతుంది. పాలిస్టర్ దాదాపు 255-260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంతకు ముందే మెత్తబడి ముడుచుకుంటుంది.

గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ముక్క నుంచి రెండు మూడు దారాలు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్లు పోసిన ఇనప పళ్లెం మీద మంటకు చూపాలి. నూలైతే కాగితం కాలిన వాసనతో మండి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే మంటకు దూరంగా ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి నల్ల పూసలా మారుతుంది. రెండూ కలిపి నేసిన గుడ్డలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి. పెద్దవారు, గాలి ఆడే చోట, చిన్న ముక్కతోనే ఈ పరీక్ష చేయాలి.

వెచ్చదనం గాలిది

బొంత వెచ్చగా ఉండేది గుడ్డ వల్ల కాదు, గుడ్డ పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి వల్ల. నిశ్చలమైన గాలి వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. మధ్యలో పరిచే దూది పొర చేసే పని ఆ గాలిని చిన్న చిన్న గదుల్లో బంధించడమే. కుట్టు లేకపోతే దూది ఒక మూలకు జారిపోతుంది. కుట్టు వేసిన చోటల్లా పొరలు నొక్కుకుపోయి గాలి తగ్గుతుంది, వేడి అక్కడి నుంచి దాటుతుంది. అంటే ప్రతి కుట్టూ బొంతకు ఆయుష్షు పెంచుతుంది, వెచ్చదనం కొంచెం తగ్గిస్తుంది. ఎంత ఎడంగా కుట్టాలన్నది ఈ రెండింటి మధ్య బేరం.

సూరత్‌కు ఉత్తరాన, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న భరూచ్ నేతగాళ్లు ఈ సమస్యకు మరో జవాబు కనిపెట్టారు. వారి ‘సుజనీ’ దుప్పటిలో రెండు పొరల గుడ్డను ఒకేసారి నేస్తూ, మధ్యలో ఏర్పడే గళ్లలో మగ్గం మీదే దూది నింపుతారు. గళ్లను మూసేది కుట్టు కాదు, నేతే.

చేతులే మోటారు

చిన్న కానుకలకు నేడు ఇష్టంగా వాడుతున్న పద్ధతి ఫ్రీ మోషన్ క్విల్టింగ్. మామూలు కుట్టు మిషన్‌లో సూది కింద రంపపు పళ్లలాంటి పట్టీ ఉంటుంది. అది పైకి లేచి, గుడ్డను వెనక్కి నెట్టి, కిందకు దిగి, మళ్లీ మొదటి చోటుకు వస్తుంది. నాలుగు కదలికల ఈ ఏర్పాటుకు అమెరికాకు చెందిన అలెన్ విల్సన్ 1854లో పేటెంట్ పొందాడు. కుట్లు సమానంగా, తిన్నగా పడటానికి కారణం ఈ పళ్లే.

ఫ్రీ మోషన్‌లో ఆ పళ్లను దించేస్తారు. దించే వీలు లేని పాత మిషన్లలో వాటిపై పలక బిగిస్తారు. గుడ్డను గట్టిగా నొక్కని, స్ప్రింగు ఉన్న ఫుట్ పెడతారు. ఇక సూది కిందికీ పైకీ ఆడుతుందే గాని గుడ్డ తనంతట తాను కదలదు. దాన్ని ముందుకు, వెనక్కి, పక్కలకు, గుండ్రంగా నడిపించేది రెండు చేతులే. సూరత్‌లోని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు నడిచేదీ ఇదే సూత్రం మీద. అక్కడ గుడ్డ బిగించిన చట్రాన్ని మోటార్లు కదుపుతాయి, ఇక్కడ ఆ పని మనిషి చేస్తాడు.

కుట్టు పొడవు అప్పుడు రెండు వేగాల మీద ఆధారపడుతుంది. మిషన్ నిమిషానికి 600 కుట్లు వేస్తోందనుకుంటే సెకనుకు 10 కుట్లు. చేయి సెకనుకు 25 మిల్లీమీటర్లు కదిలితే ఒక్కో కుట్టు 2.5 మిల్లీమీటర్లు వస్తుంది. మలుపు దగ్గర చేయి సెకనుకు 10 మిల్లీమీటర్లకు తగ్గితే కుట్టు 1 మిల్లీమీటరుకు చిక్కిపోతుంది. చేయి 50 మిల్లీమీటర్లు దూకితే 5 మిల్లీమీటర్ల పెద్ద కుట్టు పడి, వేలికి తగులుకుంటుంది. కొత్తవారి పనిలో మలుపుల దగ్గర కుట్లు ముద్దకట్టడానికి కారణం ఇదే. సూది గుడ్డలో ఉండగా గట్టిగా లాగితే అది వంగి కింది పలకకు తగిలి విరుగుతుంది. అందుకే కళ్లద్దాలు పెట్టుకోవడం మంచిది.

కంటితో చూసి చేతిని సరిదిద్దుకోవడానికి మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. ఆలోగా మరో రెండు కుట్లు పడిపోతాయి. కాబట్టి కుట్టు కుట్టుకూ చూసి దిద్దుకోవడం సాధ్యం కాదు. తర్వాత ఏం జరగబోతోందో మెదడు ముందే ఊహించి చేతిని నడపాలి. ఇలాంటి కదలికలను నేర్చుకోవడంలో చిన్నమెదడుది ముఖ్య పాత్ర. రోజూ పది నిమిషాలు పనికిరాని ముక్క మీద సాధన చేయమని కుట్టు నేర్పేవారు చెప్పడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

మెలిక ముగ్గు, ఆయిలర్ లెక్క

ఫ్రీ మోషన్‌లో మరో మెళకువ దారం తెంపకుండా ఖాళీ అంతా నింపడం. తెంపిన ప్రతిచోటా ముడి వేయాలి. జారుడు పాలిస్టర్‌పై ముడి పట్టు తక్కువ, అది ఊడితే కుట్టంతా విడిపోతుంది. కాబట్టి గీత ఒక్కటే అయి, మెలికలు తిరుగుతూ సాగితే మేలు. చుక్కల చుట్టూ చేయి ఎత్తకుండా మెలిక ముగ్గు వేసే అలవాటున్నవారికి ఇది కొత్త విద్య కాదు.

గీత ఎత్తకుండా, గీసిన దారిలో మళ్లీ పోకుండా ఒక బొమ్మను పూర్తిచేయగలమా అన్న ప్రశ్నకు గణిత శాస్త్రవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ 1736లో బాట వేశాడు. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల చిక్కుముడిని విడదీస్తూ ఆయన చూపిన సూత్రం కుట్టుకూ వర్తిస్తుంది. ఒకే తునకగా ఉన్న బొమ్మలో గీతలు కలిసే ప్రతి బిందువు దగ్గరా సరి సంఖ్యలో గీతలుంటే, ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే తిరిగి రావచ్చు. బేసి సంఖ్యలో గీతలున్న బిందువులు సరిగ్గా రెండుంటే ఒక దాని దగ్గర మొదలై రెండో దాని దగ్గర ముగించాలి. అంతకు మించితే దారం తెంపక తప్పదు, లేదా వేసిన కుట్టు మీదే మళ్లీ నడవాలి. పువ్వు బొమ్మను గుడ్డపై గీసే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే చాలు.

ఏ కానుకకు ఏ ముక్క?

పాలిస్టర్ చిందీకి తగిన కానుకలు చాలానే ఉన్నాయి. రంగు త్వరగా వెలవదు, ముడత పడదు, తడిసినా త్వరగా ఆరుతుంది. ఫోను సంచి, కళ్లద్దాల సంచి, పుస్తకంలో పెట్టే గుర్తు, గోడకు వేలాడదీసే బొమ్మ లాంటి వాటికి ఇవి మంచి గుణాలే. కుట్టేటప్పుడు సన్నటి పదునైన సూది వాడాలి. మొద్దు సూది నునుపు గుడ్డలో పోగులు లాగి గీతలు మిగులుస్తుంది. ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన నూలు గుడ్డ పరిచి చేయాలి.

వేడి గిన్నెలు దించే పట్టుగుడ్డ మాత్రం వీటితో కుట్టకూడదు. పొయ్యి మీద ఉన్న పెనం 200 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఖాళీగా వదిలేస్తే ఇంకా పైకి పోతుంది. ఆ వేడికి పాలిస్టర్ మెత్తబడి, కరిగితే చర్మానికి అంటుకుని గాయాన్ని లోతు చేస్తుంది. పట్టుగుడ్డకు పై గుడ్డ, లోపలి పొర, కుట్టే దారం అన్నీ నూలువే కావాలి. లోపల పాలిస్టర్ దూది పెట్టి పైన నూలు వేసినా ప్రమాదం పూర్తిగా పోదు. నూలు పట్టుగుడ్డనైనా తడిగా ఉన్నప్పుడు వాడకూడదు. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. గాలి గదుల్లో నీరు చేరగానే రక్షణ పోతుంది.

సూరత్ అంటే జరీ కూడా. నేటి జరీలో చాలావరకు లోహపు పూత పూసిన పాలిస్టర్ పొరే. పూత ఎంత పలుచనైనా అది లోహమే. మైక్రోవేవ్‌లో గిన్నెతో పాటు పెట్టే గుడ్డల్లో జరీ ముక్క ఉంటే నిప్పురవ్వలు లేస్తాయి. అలాంటి కానుకకు జరీని దూరంగా ఉంచాలి.

చేతి పనికి ఉన్న హద్దు

పాలిస్టర్ త్వరగా శిథిలం కాదు. సంచికి అది వరం, చెత్తకుప్పకు శాపం. నీళ్ల సీసాలను కరిగించి దారం తీయడం తేలికే గాని, గుడ్డల సంగతి అలా కాదు. పత్తి, పాలిస్టర్, సాగే దారం, రంగులు, జరీ కలిసిన గుడ్డను విడదీయడం కష్టం. పాలిస్టర్ గొలుసులను రసాయనాలతో తెంచి మూల అణువులుగా మార్చే పద్ధతులున్నా, కలగలిసిన చిందీకి వాటిని చవకగా వాడటం ఇంకా సవాలే.

ఉతికినప్పుడు రాలే సూక్ష్మ పోగులు మరో సమస్య. సముద్రాల్లో చేరే ప్రాథమిక మైక్రోప్లాస్టిక్‌లలో సుమారు 35 శాతం సింథటిక్ బట్టలు ఉతకడం నుంచే వస్తోందని 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నివేదిక అంచనా వేసింది. సూరత్ మీదుగా పారే తాపీ నది కలిసేదీ అరేబియా సముద్రంలోనే. కోసిన అంచు నుంచి పోగులు తేలిగ్గా రాలతాయి. కాబట్టి ప్రతి అంచునూ లోపలికి మడిచి, పైన పట్టీ వేసి మూయడం అందానికి మాత్రమే కాదు. తరచూ ఉతకాల్సిన రుమాళ్లకు, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు నూలు ముక్కలే మేలు.

ఇళ్లలో కుట్టే కానుకలు సూరత్ చిందీని ఖాళీ చేయలేవు. వందల సంచులు కుట్టినా ఒక్క మార్కెట్ మూటలు తరగవు. ఆ భారం ముక్కలను మిగిల్చే పరిశ్రమది, వాటిని జాతుల వారీగా వేరుచేసే ఏర్పాట్లది. అయితే ఆ వేరుచేయడమెలాగో ఇంట్లో కుట్టుకునేవారికి ముందే తెలుస్తుంది. ఇది నూలు, ఇది పాలిస్టర్, ఇది రెండూ కలిసినది అని మూడు సంచుల్లో వేసుకున్నప్పుడే ఏ ముక్క వంటింటికి, ఏది పుస్తకాల సంచికి వెళ్లాలో తేలుతుంది. పెద్ద ఎత్తున గుడ్డలను మళ్లీ వాడుకోవాలన్నా మొదట చేయాల్సిన పని కూడా అదే.