రంగు మీద రంగు

ఆకురాలు కాలాన్ని బొమ్మగా వేయమంటే చాలామంది పిల్లలు క్యాలెండర్లలో చూసిన చలిదేశాల మేపుల్ చెట్లను వేస్తారు. ఆ దేశాల్లో సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఆకులు రంగు మారి రాలుతాయి. మనకు చాలా చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణ మాసాల్లో. ఆ రోజుల్లో బెంగళూరు వీధుల్లోని బాదం చెట్టును చూడండి. దీనినే కన్నడంలో కాడు బాదామి అంటారు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి. ఎరుపు కోసం మేపుల్ దాకా పోనక్కరలేదు!

ఆకులో పత్రహరితం తగ్గగానే దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం కొత్తగా తయారవుతుంది. నీటిరంగులతో వేసేటప్పుడు కూడా పసుపుతోనే మొదలుపెట్టాలి. నీటిరంగు పలచనిది, అడుగు రంగు పైరంగులోంచి కనబడుతుంది. ముదురు రంగు మీద లేతరంగు నిలవదు. కాబట్టి ముందు లేత పసుపు పూసి, ఆరనివ్వాలి. తరువాత అక్కడక్కడ నారింజ, అదీ ఆరాక ఎరుపు. తడి మీద తడి పడితే రంగులు కలిసిపోతాయి. దూరపు చెట్లకు అది అందమే. దగ్గరి చెట్టుకు మాత్రం బురద రంగు వస్తుంది. నీడకు నలుపు వద్దు. నీలం, ఎరుపు కలిపి వేస్తే నీడలో కూడా వెలుగు ఉంటుంది.

ఇక కుంచె కదలిక. ఒక్కొక్క ఆకునూ గీస్తూ కూర్చుంటే చెట్టు రాదు. బాదం కొమ్మలు గొడుగు మీద గొడుగు పెట్టినట్టు అడ్డంగా పరచుకుంటాయి. కుంచె కూడా అలాగే అడ్డంగా, పొట్టిపొట్టిగా సాగాలి. మానును మొదలు నుంచి పైకి ఒక్క ఊపులో లాగాలి. రాలిన ఆకులకు దాదాపు పొడిగా ఉన్న కుంచెను కాగితానికి తాకిస్తే చాలు.

బెంగళూరు చెట్లను ఇంత శ్రద్ధగా చిత్రించినవారు రుమాలె చెన్నబసవయ్య (1910–1988). ఆయన స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న దేశభక్తుడు. జ్ఞాపకం మీద గాక, చెట్టు ఎదుటే నిలబడి చిత్రించేవారు. నీటిరంగులతో పాటు తైలవర్ణాలనూ వాడారు. తైలవర్ణం చిక్కనిది కనుక ముదురు మీద లేతరంగును కూడా ముద్దగా అద్దవచ్చు. పూలతో నిండిన ఆయన చెట్లు దగ్గరగా చూస్తే ఉత్త రంగుల గీతలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే గాలికి ఊగే కొమ్మలు. రోడ్ల వెడల్పు కోసం నగరంలో ఎన్నో చెట్లు పోయాయి. ఒకప్పటి నగరం పచ్చదనాన్ని ఇప్పుడు ఆయన చిత్రాల్లోనే వెదుక్కోవాలి.

మీ వీధిలో బాదం చెట్టు ఉంటే ఆకులు ఎర్రబడగానే కాగితం తీసుకొని వెళ్ళండి. ఆ రంగులు ఉండేది కొద్దిరోజులే.