బకెట్టు వేణ్ణీళ్ళకు అర యూనిట్టు

చలి మొదలవగానే ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళి ‘గీజర్ కావాలి’ అంటే, అవతలి నుంచి రెండు ప్రశ్నలు వస్తాయి: ఇన్‌స్టంటా, స్టోరేజా? ఎన్ని లీటర్లు? ఈ సంగతి ఇంటి చుట్టుపక్కల అడిగితే ఇంకా గందరగోళం. గీజర్ పెట్టాక బిల్లులో పెద్ద తేడా లేదని ఒకరంటారు, కరెంటు బిల్లు చూసి కళ్ళు తిరిగాయని ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఒకే పేరుతో మనం పిలుస్తున్న వస్తువులు నాలుగైదు ఉన్నాయి మరి.

ముందు ఆ పేర్ల చిక్కు విప్పుకుందాం. గీజర్ అన్నది ఐస్‌లాండ్‌లో వేడినీళ్ళు చిమ్మే ఒక బుగ్గ పేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే పెయింటరు తాను తయారుచేసిన గ్యాస్ హీటరుకు ఆ పేరు పెట్టాడు. మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ అదే నిలిచిపోయింది. డబ్బా మీది లేబుల్ చదివితే మాత్రం ‘స్టేషనరీ స్టోరేజ్ టైప్ ఎలక్ట్రిక్ వాటర్ హీటర్’ అని ఉంటుంది. గోడకు బిగించి, నీళ్ళు నిలవ ఉంచి కాచేది అని అర్థం. ఇన్‌స్టంట్ అంటే ఒకటి నుంచి మూడు లీటర్ల చిన్న డబ్బా. చాలా ఊళ్ళలో ఉత్త ‘హీటర్’ అంటే బకెట్లో వేసే కడ్డీయే. బాయిలర్ అంటే మధ్యలో బొగ్గుల గొట్టం ఉండే రాగి బాయిలర్. అమెరికాలో మనవాళ్ళ గరాజుల్లో నిలబడి ఉండే ‘వాటర్ హీటర్’ అయితే 40, 50 గ్యాలన్లది, అంటే 150 నుంచి 190 లీటర్లు. అక్కడున్న అబ్బాయి సలహా ఇక్కడి 15 లీటర్ల డబ్బాకు పనికిరాదు. పేరు ఏదైనా అడగాల్సినవి మూడే: ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు, కాచేది కరెంటా గ్యాసా.

ఇప్పుడు అసలు లెక్క. లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడిని కిలోక్యాలరీ అంటారు. మీటర్లో తిరిగే ఒక యూనిట్టులో అలాంటివి 860 ఉంటాయి. చలికాలం పొద్దున ట్యాంకులో నీళ్ళు 20 డిగ్రీలున్నాయి అనుకుందాం. ఒంటికి హాయిగా ఉండేది 41 డిగ్రీలు. బకెట్టు 18 లీటర్లు. 18ని 21తో హెచ్చిస్తే 378. దాన్ని 860తో భాగిస్తే 0.44 యూనిట్టు. పైపులో, ట్యాంకులో పోయే కొంచెం వేడి కూడా కలిపితే బకెట్టుకు అర యూనిట్టు.

ఈ లెక్కలో కంపెనీ పేరు లేదు, స్టార్లు లేవు, ఇరవై వేల మోడలా ఆరు వందల కడ్డీయా అన్న తేడా కూడా లేదు. కరెంటుతో తీగను కాల్చి నీళ్ళు కాచే ఏ యంత్రమైనా ఇంతకంటే తక్కువలో కాచలేదు. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళకు అందించే హీట్ పంపు ఒక్కటే దీనికి మినహాయింపు. అది ఇంకా మన మామూలు ఇళ్ళ దాకా రాలేదు. కాబట్టి నలుగురున్న ఇంట్లో మనిషికో బకెట్టు చొప్పున రోజుకు 2 యూనిట్లు, నెలకు 60. మీ ఇంటి లెక్కకు ఈ అంకెనే పునాదిగా పెట్టుకోండి.

‘ఇన్‌స్టంట్ అయితే కరెంటు కలిసొస్తుంది కదా?’ అని అడుగుతారు. నీళ్ళు కాచేటప్పుడు కలిసొచ్చేదేమీ లేదు, నిలవ ఉంచడం వల్ల పోయే వేడి మాత్రం తగ్గుతుంది. ఇబ్బంది వేరే ఉంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ నిమిషానికి 43 కిలోక్యాలరీలు ఇస్తుంది. 21 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి 2 లీటర్లే వస్తాయి. బకెట్టు నిండడానికి దాదాపు 9 నిమిషాలు. కుళాయి పూర్తిగా తిప్పితే వచ్చేవి గోరువెచ్చని నీళ్ళే. వంటింటి సింకుకు ఇది చక్కని వస్తువు, షవరుకు కాదు. 4.5 కిలోవాట్లది తీసుకుంటే నిమిషానికి 3 లీటర్లు వస్తాయి గానీ అది 19 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మన పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది. దానికి వేరే వైరు, వేరే ఎంసీబీ వేయించాల్సిందే.

స్టోరేజ్ సంగతి చూద్దాం. 15 లీటర్లంటే బకెట్టు కూడా నిండదేమో అనిపిస్తుంది. నిండుతుంది, ఇంకా మిగులుతుంది కూడా. ట్యాంకులో 60 డిగ్రీలకు కాగిన 15 లీటర్లకు చన్నీళ్ళు తోడైతే 41 డిగ్రీల నీళ్ళు 28 లీటర్లు వస్తాయి, అంటే బకెట్టున్నర. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. 25 లీటర్లదైతే 47 లీటర్లు, రెండున్నర బకెట్లు. 2 కిలోవాట్ల కాయిల్‌తో మొదటిది కాగడానికి 21 నిమిషాలు, రెండోది 35 నిమిషాలు. నీళ్ళు వాడుకునేటప్పుడు అడుగు నుంచి చన్నీళ్ళు చేరుతూ ఉంటాయి కాబట్టి చేతికి వచ్చేది ఈ లెక్కకంటే కాస్త తక్కువే. అందరూ స్కూలుకీ ఆఫీసుకీ ఒకే గంటలో బయలుదేరే ఇంటికి 25, ఒకరి తర్వాత ఒకరు నింపాదిగా పోసుకునే ఇంటికి 15 సరిపోతుంది.

పల్లెల్లో ఇంకో అనుమానం ఉంటుంది. వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు గీజర్ గంటసేపు కాలుతోంది, బిల్లు కూడా అంతే పెరుగుతుందా? పెరగదు. 230 వోల్టులు ఉండాల్సిన చోట 180 ఉంటే 2 కిలోవాట్ల కాయిల్ 1.2 కిలోవాట్లకు పడిపోతుంది. ఇరవై నిమిషాల పనికి ముప్పై అయిదు పడుతుంది. పెరిగేది సమయమే, యూనిట్లు దాదాపు అవే.

‘గీజర్ ఆపావా?’ అన్న కేక ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. రోజంతా ఆన్‌లో ఉంటే నిజంగా ఎంత నష్టం? గీజర్ మీది స్టార్లు దీన్ని చెప్పడానికే ఉన్నాయి. వాడకుండా వదిలేసిన ట్యాంకు గోడల గుండా 24 గంటల్లో జారిపోయే వేడిని స్టాండింగ్ లాస్ అంటారు. నీళ్ళకూ బయటి గాలికీ 45 డిగ్రీల తేడా ఉంచి దాన్ని కొలుస్తారు. లేబుల్ మీద ఆ అంకె 0.5 అని ఉందనుకోండి. రోజంతా మర్చిపోతే పోయేది అర యూనిట్టు, అంటే ఒక బకెట్టు. ఒకరోజు మర్చిపోయినందుకు ఇంట్లో గొడవ పడనక్కర్లేదు. రోజూ మర్చిపోతేనే నెలకు 15 యూనిట్లు. అయితే స్నానానికి మూడు గంటల ముందే వేసిపెట్టే అలవాటుకు అర్థం లేదు. ఇరవై నిమిషాల్లో కాగే నీళ్ళను మిగతా సమయమంతా ఊరికే కాపలా కాయడమే అది.

బిల్లు దగ్గరకొస్తే ఆ 60 యూనిట్ల విలువ అందరికీ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ శ్లాబు యూనిట్లకు ఆ శ్లాబు రేటే పడుతుంది. 2022 నాటి పట్టిక ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్టు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. అంటే మామూలుగా 120 యూనిట్లు కాల్చే ఇంటికి బకెట్టు మూడు రూపాయలు పడితే, ఇప్పటికే 230 దాటిన ఇంటికి 4 రూపాయల 40 పైసలు పడుతుంది.

తెలంగాణలో మెలిక ఇంకా గట్టిది. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపైతే తొలి వందకు 3.40, మలి వందకు 4.80 చొప్పున, అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 200 దాటితే తొలి 200 యూనిట్లకే 5.10 చొప్పున 1,020 అవుతుంది, ఆపైన 300 దాకా ప్రతి యూనిట్టుకూ 7.70. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు అందుకుంటున్న ఇళ్ళకు ఈ గీత మరీ ముఖ్యం. 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. మామూలుగా 150 యూనిట్లు వాడే ఇంట్లో చలికాలం 60 కలిస్తే 210. సున్నా బిల్లు కాస్తా 1,097 రూపాయలవుతుంది, స్థిర ఛార్జీలు దానికి అదనం. దానికి కారణం పది యూనిట్లు, అంటే నెల మొత్తం మీద 20 బకెట్లు. అలాంటి ఇంట్లో డిసెంబరు, జనవరి నెలల్లో మీటరును పదిహేనో రోజున ఒకసారి చూసుకోవడం మంచిది. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లు మీది అంకెలతో ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

కడ్డీ హీటరు కరెంటు తాగేస్తుందని దానికో చెడ్డపేరుంది. అది అన్యాయం. కడ్డీ నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి వేడి అంతా నీళ్ళకే పోతుంది. 1,500 వాట్లది బకెట్టును 18 నిమిషాల్లో కాస్తుంది. దాని అసలు దోషం తనంతట తాను ఆగకపోవడం. రెండో దోషం ప్లగ్గు: 1,500 వాట్లంటే 6.5 ఆంపియర్లు, మనం గుచ్చేదేమో లైట్ల పక్కనున్న 6 ఆంపియర్ల సాకెట్లో. అందుకే అక్కడ ప్లగ్గు నల్లబడుతుంది. ఇనప బకెట్టు వద్దు. నీళ్ళు కాగాయో లేదో చూడాలంటే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు పీకాలి, ఆ తర్వాతే వేలు పెట్టాలి.

గ్యాస్ గీజర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఖర్చు బాగానే ఉంటుంది. కిలో గ్యాస్‌లో సుమారు 11,000 కిలోక్యాలరీలుంటాయి. అందులో 80 శాతం నీళ్ళకు చేరినా బకెట్టుకు 43 గ్రాములు. 14.2 కిలోల సిలిండరుతో 330 బకెట్లు. సిలిండరు 900 అనుకుంటే బకెట్టు 2 రూపాయల 70 పైసలు. నలుగురికి దాదాపు మూడు నెలలు వస్తుంది. ఇక్కడిదాకా లాభమే.

ఇప్పుడు రెండో లెక్క. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి 13 ఘనమీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్లిచ్చే గీజర్ పూర్తి మంట మీద 17 గ్రాముల గ్యాస్‌తో నిమిషానికి 220 లీటర్ల గాలి తీసుకుంటుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న బాత్‌రూములో మొత్తం గాలి 8,000 లీటర్లు. చలికని వెంటిలేటరుకు అట్ట అడ్డంపెట్టి పది నిమిషాలు నీళ్ళు వదిలితే, గదిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతుకు పైగా ఖర్చయిపోతుంది. గాలి చాలనప్పుడు గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా లేని విషవాయువు అది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. సిలిండరు లీకైతే వాసన వస్తుంది కదా అని ధీమా పడకండి. ఆ వాసన మండని గ్యాస్‌కు కావాలని కలిపింది, మండాక పుట్టే విషానికి అది ఉండదు. తలనొప్పి, తల తిరగడం, కాళ్ళు తేలిపోవడం మొదలయ్యేసరికి గడియ తీసే ఓపిక కూడా మిగలకపోవచ్చు. గ్యాస్ గీజర్ బాత్‌రూము బయట, గాలి ఆడే గోడకే ఉండాలి, లోపలికి వేణ్ణీళ్ళ పైపు ఒక్కటే రావాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం కదా అన్నది జవాబు కాదు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే అది బయటికి తోసేది కూడా తక్కువే.

సోలార్ గురించి క్లుప్తంగా. రోజుకు 100 లీటర్ల సెట్టు నీళ్ళను 35 డిగ్రీలు పెంచితే 4 యూనిట్లు మిగిలినట్టు. 300 ఎండ రోజులకు 1,200 యూనిట్లు, అవన్నీ నిజంగా వాడుకుంటేనే. సొంత డాబా ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. అద్దె ఇంటికీ, అపార్టుమెంటు మధ్య అంతస్తుకూ ఇది కుదిరే పని కాదు.

బోరు నీళ్ళ ఇళ్ళకు అదనపు బాధ ఒకటుంది. తాగునీటి ప్రమాణాల్లో గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదు. 500 ఉన్న నీళ్ళు రోజుకు 60 లీటర్లు కాస్తే ఆ ట్యాంకు గుండా రోజూ 30 గ్రాముల ఉప్పు పోతుంది. అందులో కొంత తెల్లటి పొలుసుగా కాయిల్‌కు అతుక్కుంటుంది. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత ఎక్కువ పట్టేస్తుంది. అలాంటి చోట థర్మోస్టాట్‌ను, అంటే వేడి చూసి కరెంటు ఆపే మీటను, 75కు కాక 55, 60 మధ్య పెట్టండి. లోపల ఆనోడ్ అనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయలా అది తనే పాడైపోయి ట్యాంకును కాపాడుతుంది. ఏడాదికోసారి విప్పించి చూడండి. అది అరిగిపోయాక తుప్పు పట్టేది ట్యాంకుకే.

చివరిగా పైపుల సంగతి. పైన పది మీటర్ల ఎత్తులో నీళ్ళుంటే కింద ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఇరవై అంతస్తుల భవనంలో కింది ఫ్లాటుకు అది 6 బార్లు. గీజర్ మీద 8 బార్లు అని రాసి ఉందో లేదో అక్కడివాళ్ళు తప్పక చూసుకోవాలి. ఇక నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. 20 నుంచి 60 డిగ్రీలకు వెళ్ళేసరికి 15 లీటర్లు 230 మిల్లీలీటర్లు పెరుగుతాయి, పెద్ద గ్లాసుడన్నమాట. ఆ గ్లాసుడు పోవడానికే కింద సేఫ్టీ వాల్వు ఉంది. కాగుతున్నప్పుడు దానిలోంచి చుక్కలు పడితే అది తన పని చేస్తున్నట్టు. నేల తడిసిపోతోందని కొన్నిచోట్ల దానికి డమ్మీ బిగించేస్తారు. అలా మూయనివ్వకండి. చిన్న గొట్టం తగిలించి డ్రైన్‌లోకి వదిలించండి. కాయిల్ ఆగి ఉన్నప్పుడు కూడా ధారగా కారుతుంటేనే వాల్వు మార్పించాలి.